మీ ఆయనకి తెలియకపోతే ఆ ఇంజెక్షన్ ఎవరు చేయిస్తారమ్మా?

పల్నాడు వైపు నుంచి ఒక అమ్మాయి రాసింది. వయసు 31. ఐదేళ్ళ కిందట పాప పుట్టినప్పుడు బ్లీడింగ్ ఆగక నాలుగు ప్యాకెట్ల రక్తం ఎక్కించారట. తర్వాత పాలు పడలేదు, నెలసరి మళ్ళీ రాలేదు, పొద్దున లేస్తే కాలూ చెయ్యీ ఆడనంత నీరసం, ఎండాకాలంలో కూడా చలి, జుట్టు రాలిపోవటం. అత్తగారు బద్ధకం అంది, ఊళ్ళో డాక్టరు బలానికి టానిక్కులు రాశాడు, అలా మూడేళ్ళు గడిచాక గుంటూరులో ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టరు, చూసి షీహాన్ సిండ్రోమ్ అని తేల్చారు. ఆ రోజు వెంట వెళ్ళింది వాళ్ళమ్మ. తిరుగు బస్సులోనే చెప్పిందట, ఎవరడిగినా థైరాయిడ్ అని చెప్పు, అల్లుడికి కూడా అదే చెప్పు అని. ఇప్పుడు ఈ అమ్మాయి అడుగుతోంది, నాలాగా పేరు తెలియని జబ్బుతో ఎంతమంది ఆడవాళ్ళు ఉన్నారో కదా, మొహం కనపడకుండా పేరు మార్చి ఒక వీడియో చేసి పెడదామనుకుంటున్నా, అమ్మేమో చెల్లికి సంబంధాలు చూస్తున్నాం వద్దంటోంది, పెట్టనా వద్దా?

వీడియో సంగతి తర్వాత చూద్దాం తల్లీ. పెడితే పెట్టు, మానితే మాను, దాని వల్ల నీ ప్రాణానికి వచ్చేదీ లేదు పోయేదీ లేదు. నన్ను నిద్రపోనివ్వనిది నీ ఉత్తరం చివర్లో రెండు లైన్లలో రాసి వదిలేసిన శివరాత్రి సంగతి.

అత్తగారితో పాటు ఉపవాసం ఉన్నావు, ఎందుకు ఉండకూడదో చెప్పలేక. ఈ జబ్బుకి రోజూ వేసుకునే స్టెరాయిడ్ మాత్ర వేసుకుంటే ఏదో ఒకటి తినాలి, తింటే అడుగుతారు, అందుకని పొద్దున మాత్ర మానేశావు, మధ్యాహ్నానిదీ మానేశావు. జాగారం మధ్యలో వాంతులు, కళ్ళు తిరిగి పడిపోవటం. మీ ఆయన నిన్ను చేతుల మీద ఎత్తుకొచ్చి ఆటో ఎక్కించి హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. డ్యూటీ డాక్టరు జబ్బులేమైనా ఉన్నాయా అనడిగితే "థైరాయిడ్ ఉందండీ" అన్నాడు. ఆయన తప్పేముంది, ఆయనకి తెలిసింది అంతే కదా. నీరసం అనుకుని సెలైన్ పెట్టి పడుకోబెట్టారు. మీ ఊరి నుంచి మీ అమ్మ వచ్చి, డాక్టర్ని పక్కకి పిలిచి అసలు సంగతి చెప్తే, అప్పుడు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, గంటలో కళ్ళు తెరిచావు. "అల్లుడికి తెలియకుండా చెప్పొచ్చానులే" అని మీ అమ్మ నీ చెవిలో అందని రాశావు చూడు, అది చదివి నేను కాసేపు ఉత్తరం పక్కన పెట్టేశాను.

అమ్మా, మీ అమ్మకి ఆటో దొరక్కపోతే? ఫోన్ సైలెంట్‌లో ఉండుంటే? ఆవిడ ఆ రోజు ఏ తిరపతో వెళ్ళి ఉంటే?

నీకు అత్తగారితో సమస్య ఉందని రాశావు, మీ ఆయన ఏమంటాడో అని భయమని రాశావు, వాటి గురించే రెండు పేజీలు. నాకు మాత్రం నీ ఇంట్లో అసలు చిక్కు మీ అమ్మ దగ్గర కనపడుతోంది. ఈ మాట అనటం నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే నాన్నగారు పోయాక మిషన్ కుట్టి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచిన మనిషి, మూడేళ్ళు నిన్ను వెంటబెట్టుకుని తిరిగిన మనిషి, ఆవిడ లేకపోతే నీ జబ్బుకి పేరే దొరికేది కాదు. ఆవిడ ప్రేమ మీద నాకు రవ్వంత అనుమానం లేదు. కానీ ఆవిడ నీ పెళ్ళైన రోజు నుంచి ఒక భయంతో బతుకుతోంది, కూతుర్ని ఎక్కడ వెనక్కి పంపించేస్తారో అని. నెలసరి రావట్లేదని తెలిస్తే రెండో కాన్పు లేదంటారు, మగపిల్లాడు లేడంటారు, అల్లుడికి ఇంకో పెళ్ళి అంటారు, ఈ లెక్కంతా ఆవిడ బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆ భయాన్ని నువ్వు తీసుకొచ్చి నీ కాపురంలో పెట్టుకున్నావు. 31 ఏళ్ళ ఆడపిల్లవి, ఒక బిడ్డ తల్లివి, నీ ఒంట్లో ఏముందో నీ మొగుడికి చెప్పాలా వద్దా అన్నది ఇప్పటికీ అమ్మ నిర్ణయిస్తోంది.

నేను పాతకాలం మనిషిని, అమ్మ మాట వినాలనే అంటాను. చీరా సారే విషయంలో విను, పిల్లకి ఏ పసరు పోయాలో విను, తోడికోడలితో ఎలా మసలాలో విను. ప్రాణం విషయంలో మాత్రం అమ్మ భయం మాట వినకూడదు.

ఈ జబ్బు అసలు ఎలాంటిదో ఒకసారి నిదానంగా చెప్తాను, ఈ ముక్క మీ ఆయనకి చదివి వినిపించినా సరే. మెదడు కింద శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. మీ సాగర్ కాలవ మీద లస్కరు తలుపులెత్తితేనే కదా కింద చేలకి నీళ్ళు, అలా ఇది హార్మోన్ వదిలితేనే థైరాయిడ్, అడ్రినల్, అండాశయాలు పనిచేస్తాయి, రొమ్ములో పాలు పడతాయి. కడుపుతో ఉన్నప్పుడు ఈ గ్రంథి బాగా పెద్దదవుతుంది, దానికి రక్తం ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడు కాన్పులో విపరీతంగా రక్తం పోయి బీపీ పడిపోతే దానికి రక్తం అందక చాలా భాగం చచ్చిపోతుంది. 1937లో షీహాన్ అనే ఇంగ్లండ్ డాక్టరు దీన్ని వివరించి రాశాడు, అందుకే ఆ పేరు. నీకు పాలు పడకపోవటం, నెలసరి ఆగిపోవటం, చలి, నీరసం, జుట్టు ఊడటం, అన్నీ ఆ ఒక్క దెబ్బకే. పాపకి పాలివ్వలేదని అత్తగారు అన్న మాటలు ఐదేళ్ళు గుండెల్లో మోస్తున్నావు కదా, అవి ఇవాళ్టితో దించెయ్యి. పాలు పట్టించే ప్రొలాక్టిన్ హార్మోన్ తయారు చేసే చోటే పోయాక ఎన్ని వెల్లుల్లి కారాలు తిన్నా, ఎంత పత్యం చేసినా పాలు పడవు.

వీటన్నిట్లో ప్రాణానికి సంబంధించింది కార్టిసాల్, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు తయారు చేసే హార్మోన్. జ్వరం వచ్చినా, వాంతులైనా, ఆపరేషన్ జరిగినా, యాక్సిడెంట్ అయినా మన ఒళ్ళు కార్టిసాల్ ఎక్కువ చేసుకుని నిలబడుతుంది. నీ ఒళ్ళు చేసుకోలేదు. మాత్రతో బయట నుంచి పోస్తున్నావు, మామూలు రోజుల్లో చాలామందికి 15 నుంచి 25 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ సరిపోతుంది, నీకు ఎంతో మీ డాక్టరు రాసిందే లెక్క. మీ అమ్మ "స్టెరాయిడ్ మంచిది కాదే, తగ్గించుకో" అంటోందని రాశావు. నొప్పులకనీ ఆయాసానికనీ ఎక్కువ డోసులు వాడే వాళ్ళకి ఒళ్ళు ఊరుతుంది, షుగర్ వస్తుంది, అది చూసి ఆవిడ భయపడుతోంది, కానీ నువ్వు వేసుకునేది ఒంట్లో సహజంగా ఉండాల్సినంతే. అది ఒక్క రోజు కూడా ఆపకూడదు. ఇంకోటి, థైరాయిడ్ మాత్ర ఒక్కటీ వేసుకుని దీన్ని మానేస్తే ఇంకా ప్రమాదం, అందుకే డాక్టర్లు ముందు ఇది మొదలుపెట్టి ఆ తర్వాతే థైరాక్సిన్ ఇస్తారు.

ఆ థైరాయిడ్ అబద్ధం చూడు ఎక్కడికి తీసుకెళ్తుందో. నీలాంటి వాళ్ళకి థైరాయిడ్‌ని పనిచేయించే టీఎస్‌హెచ్ హార్మోన్ ఒక్కటే టెస్ట్ చేస్తే చాలాసార్లు నార్మల్ అనే వస్తుంది, ఎందుకంటే టీఎస్‌హెచ్ తయారయ్యేది దెబ్బతిన్న ఆ పిట్యూటరీలోనే. మీ ఆయన థైరాయిడ్ అంటాడు, డాక్టరు ఆ టెస్ట్ చేయిస్తాడు, బాగానే ఉందే అంటాడు, ఈలోపు నీ సోడియం పడిపోతూ, షుగర్ పడిపోతూ ఉంటుంది.

కాబట్టి ముందు మీ అమ్మతో మాట్లాడు. ఆవిడకి తెలియకుండా మీ ఆయనకి చెప్పమని నేను అనను, ఇంతకాలం నిన్ను మోసిన మనిషికి చివర్లో ఆ అవమానం వద్దు. ఎదురుగా కూర్చుని చెప్పు, అమ్మా ఆ శివరాత్రికి నువ్వు ఇంకో రెండు గంటలు లేటయ్యుంటే నేను ఉండేదాన్ని కాదు, ఆయనకి చెప్పాలని నిర్ణయించుకున్నా, నిన్ను అడగట్లేదు, నీకు చెప్తున్నా అని. ఏడుస్తుంది. నిన్ను తిడుతుంది. చెల్లి పెళ్ళి అంటుంది. అప్పుడు చెప్పు, ఇది వంశపారంపర్యం కాదు, కాన్పులో రక్తం పోవటం వల్ల వచ్చింది, చెల్లికి నా నుంచి అంటేదీ లేదు, మన రక్తంలో ఉన్నదీ లేదు అని. నీ నోటితో చెప్తే నమ్మకపోవచ్చు, చెకప్‌కి ఆవిడని కూడా రమ్మని డాక్టరు నోటితో చెప్పించు. నన్నడిగితే చెల్లెలికి ఈ కబురు ఇంకో రకంగా పనికొస్తుంది, రేపు ఆ పిల్ల కాన్పుకి రక్తం సిద్ధంగా ఉండే హాస్పిటల్ చూసుకోవాలని మీకు ఇప్పుడు తెలుసు కదా.

మీ ఆయన సంగతి. ఆయన మంచివాడని నేను సర్టిఫికెట్ ఇవ్వలేను, నేను చూడలేదు. నువ్వు రాసిన దాంట్లో నాకు కనపడింది అర్ధరాత్రి పెళ్ళాన్ని ఎత్తుకుని పరిగెత్తిన మనిషి. ఆ మనిషికి నిజం తెలుసుకునే హక్కు ఉంది. రెండేళ్ళుగా దాచినందుకు కోపం వస్తుంది, రావాలి కూడా, నాలుగు రోజులు మాట్లాడకపోతే ఓర్చుకో. ఒకవేళ ఇంకో పెళ్ళి మాట ఎత్తితే, నువ్వుండగా అది చట్టం ఒప్పుకోదు, అప్పుడు మళ్ళీ రాయి, ఆ ఉత్తరానికి నా జవాబు ఇంత మెత్తగా ఉండదు. నీ జబ్బు తెలియకపోతేనే నిలబడే కాపురం అయితే ఆ కాపురం కోసం నువ్వు ప్రాణం పెట్టక్కర్లేదమ్మా, నీ పాపకి తల్లి కావాలి.

రెండో బిడ్డ గురించి కూడా ఆయనతో కలిసే డాక్టర్ని అడుగు. దారి పూర్తిగా మూసుకుపోలేదు, హార్మోన్ ఇంజెక్షన్లతో గర్భం వచ్చిన వాళ్ళు ఉన్నారు, అయితే ఖర్చు ఉంటుంది, జాగ్రత్త చాలా కావాలి, అందరికీ వస్తుందని చెప్పలేం. బిడ్డ వద్దనుకున్నా నెలసరి హార్మోన్ల గురించి అడగాలి, ఈ వయసులో ఈస్ట్రోజన్ లేకుండా ఉంటే ఎముకలు గుల్లబారతాయి. మూడో నెల నాలుగో నెల అంటూ అత్తగారు ఎదురుచూడటం, నువ్వు బాత్రూమ్‌లో ఏడవటం, ఇది మాత్రం ఆపాలి.

ఆయనకి జబ్బు పేరు ఒక్కటే చెప్పి ఊరుకోకు. జ్వరం వస్తే మాత్ర రెట్టింపు, ఎన్నాళ్ళు అన్నది డాక్టరు కాగితం మీద రాసిస్తారు. వాంతులై మాత్ర నిలవకపోతే, విరేచనాలు ఆగకపోతే ఇక ఇంట్లో ఎదురుచూడకూడదు, హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ పడాలి, వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాలి. ఆ వయల్ ఒకటి డాక్టరు చీటీతో కొని ఇంట్లో పెట్టుకోండి, ఎలా చెయ్యాలో ఆయన్ని నేర్చుకోమను, లేదంటే మీ ఊళ్ళో ఇంజెక్షన్ చేయగలిగే నర్సుకి ముందే చెప్పి ఉంచండి. పర్సులో ఒక కార్డు, ఫోన్ వెనక కవర్లో ఒక చీటీ, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. క్యాజువాలిటీలో ఆయన నోట్లోంచి రావాల్సిన మొదటి మాట, "ఈవిడకి కార్టిసాల్ తయారవదు, స్టెరాయిడ్ మాత్ర మీద ఉంది, ముందు హైడ్రోకార్టిసోన్ ఇవ్వండి" అని. కంఠతా పట్టించు. పన్ను పీకించుకోవటానికి వెళ్ళినా ముందే చెప్పాలి.

అత్తగారికి నువ్వు చెప్పొద్దు. కొడుకు చెప్పాలి. కోడలు చెప్తే సాకు అనుకుంటుంది, కొడుకు డాక్టరు దగ్గర్నుంచి వచ్చి, అమ్మా ఇది ఉపవాసాలు ఉంటే చచ్చిపోతుందట అని చెప్తే ఏ తల్లైనా నోట చెయ్యి పెట్టుకుంటుంది. కార్తీక సోమవారాలు ఆవిడ ఉంటుంది, నువ్వు దీపం పెట్టి మాత్ర వేసుకుని అన్నం తిను. శివుడికి దానితో ఏ ఇబ్బందీ లేదు.

ఇక వీడియో. నీ తపన నాకు అర్థమైంది, అది చిన్న విషయం కూడా కాదు. 2005లో అచ్చైన ఒక పరిశోధనలో కశ్మీర్ లోయలో పిల్లల్ని కన్న 20 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో నూటికి ముగ్గురికి ఈ జబ్బు ఉండొచ్చని లెక్క తేలింది, అందులో ఎక్కువమందికి ఇంట్లోనే కాన్పులు. మన దగ్గర ఇప్పుడు కాన్పులు హాస్పిటళ్ళలోనే జరుగుతున్నాయి, అయినా పదేళ్ళ కిందటో ఇరవయ్యేళ్ళ కిందటో కాన్పులో రక్తం పోయి, అప్పటి నుంచీ మనిషి కాకుండా పోయి, "ఆవిడ అంతేలే, ఎప్పుడూ మూలుగుతుంది" అనిపించుకుంటున్న వాళ్ళు మీ వీధిలోనే ఉండొచ్చు. వాళ్ళ ఫోన్లోకి నీ వీడియో వస్తుందో రాదో నాకు తెలీదు. మీ ఆశా కార్యకర్త మాత్రం వాళ్ళ గడప తొక్కుతుంది. ఆ అమ్మాయిని కూర్చోబెట్టి నీ కథ చెప్పు, కాన్పులో బాగా రక్తం పోయిందా, పాలు పడ్డాయా, నెలసరి తిరిగొచ్చిందా, ఈ మూడూ బాలింతల్ని అడగమను, తేడాగా ఉంటే పొద్దున ఎనిమిదింటికి కార్టిసాల్ టెస్ట్ చేయించుకోవాలని, ఎండోక్రైనాలజిస్ట్‌కి చూపించుకోవాలని చెప్పమను. డ్వాక్రా మీటింగులో నువ్వే లేచి చెప్పు, నీ పేరుతో, నీ మొహంతో. వీడియో కూడా ఆ తర్వాత చేసుకో, మీ ఆయనే ఫోన్ పట్టుకుంటాడేమో.

చెకప్ ఎప్పుడో నువ్వు రాయలేదు. డేట్ దూరంగా ఉంటే హాస్పిటల్‌కి ఫోన్ చేసి ముందుకి జరిపించుకో, రేపు పొద్దున్నే అమ్మతో మాట్లాడు, రాత్రికి మీ ఆయనకి చెప్పి ఆ రోజుకి సెలవు పెట్టించు.