యూదులే ఇజ్రాయెల్‌ను ఎందుకు వద్దంటారు?

ప్రశ్న: న్యూయార్క్‌లో ఇజ్రాయెల్‌కు వ్యతిరేకంగా జరిగే ఊరేగింపుల్లో నల్లకోట్లు, గడ్డాలు, చెంపల మీద వేలాడే జుట్టుతో రబ్బీలు (యూదు మతగురువులు) కనిపిస్తున్నారు. వీళ్ళు నిజంగా యూదులేనా, ఎవరైనా డబ్బులిచ్చి నిలబెట్టినవాళ్ళా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నిజమైన యూదులే. మతాచారాన్ని మహా నిష్ఠగా పాటించేవాళ్ళు కూడా. మీరు చూసింది ఎక్కువగా నెతురెయ్ కర్తా అనే చిన్న బృందాన్ని. 1938లో జెరూసలేంలో పుట్టింది. మెస్సీయ రాకముందు యూదులు రాజ్యం స్థాపించుకోకూడదన్నది వీళ్ళ నమ్మకం. అంతకంటే ఎన్నో రెట్లు పెద్దదైన సత్మార్ హసీదుల (ఒక భక్తి సంప్రదాయానికి చెందిన సనాతన యూదుల) సమాజానిదీ మూలంలో ఇదే నమ్మకం.

ఇది రాజకీయంలోంచి పుట్టిన వాదం కాదు. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేం దేవాలయాన్ని కూల్చారు. ఆ తర్వాతి ప్రవాసం దేవుడు వేసిన శిక్ష అని యూదుల విశ్వాసం. 'మా పాపాల వల్లే మా దేశానికి దూరమయ్యాం' అని పండుగ ప్రార్థనల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. శిక్ష వేసినవాడే మెస్సీయను పంపి విడిపించాలి. అందాకా చేయగలిగింది పశ్చాత్తాపం, ప్రార్థన, తోరా (యూదుల ధర్మశాస్త్రం) ప్రకారం బతకడం. ఆయుధాలతో రాజ్యం సంపాదించుకోవడమంటే దేవుడి చేతిలోని పనిని లాక్కోవడమే అంటారు.

దీనికి వాళ్ళు చూపే ఆధారం నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. మిషన్ స్కూల్లో చదివినవాణ్ణి గనుక పరమగీతం నాకు చిన్ననాటి నుంచీ పరిచయం. ప్రేమకు ఇచ్ఛ పుట్టేదాకా దాన్ని లేపవద్దని యెరూషలేము కుమార్తెల చేత ఒట్టు వేయించుకునే మాట అందులో మూడుసార్లు వస్తుంది (2:7, 3:5, 8:4). మేం దాన్ని ప్రేమ గీతంగానే చదివాం. యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథమైన తాల్ముడ్‌లోని పండితులు అందులో మూడు ప్రమాణాలు చూశారు. కెతుబోత్ భాగం 111వ పత్రంలో ఉంది ఆ చర్చ. యూదులు గోడలా ఒక్కుమ్మడిగా, బలవంతంగా తమ దేశానికి వెళ్ళకూడదు. లోకంలోని ప్రభుత్వాల మీద తిరగబడకూడదు. ఆ దేశాల జనాలు కూడా యూదులను మితిమీరి హింసించకూడదు. మాట తప్పితే మీ మాంసాన్ని అడవి లేళ్ళ మాంసంలా వదిలేస్తానని దేవుడు అన్నట్టు అక్కడే ఒక రబ్బీ చెబుతాడు.

రెండో కారణం కూడా చిన్నది కాదు. యూదులను జాతిగా నిలిపింది తోరాయేనని పదో శతాబ్దంలోనే యూదు పండితుడు సాదియా గావోన్ రాశాడు. ఆ స్థానంలో భూమిని, భాషను, జెండాను పెడితే మతమే పోతుందని భక్తుల భయం. యూదులకు సొంత దేశం కావాలనే జియోనిస్టు ఉద్యమానికి నాయకుడు థియొడోర్ హెర్జల్, దాని మొదటి మహాసభను 1897లో మ్యూనిక్‌లో పెట్టాలనుకున్నాడు. అక్కడి యూదుల నుంచీ, జర్మనీ రబ్బీల నుంచీ వ్యతిరేకత రావడంతో అది స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌కు మారింది. ఆ రబ్బీల్లో సనాతనులే కాదు, సంస్కరణవాదులూ ఉన్నారు.

ఈ గొడవలో ప్రాణాలూ పోయాయి. డచ్ కవి, న్యాయవాది యాకోబ్ ఇజ్రాయెల్ దె హాన్ జియోనిస్టుగా 1919లో పాలస్తీనా చేరాడు. తర్వాత అక్కడి సనాతన యూదుల పక్షాన నిలిచి, అరబ్ నాయకులతో మాటలు నడిపాడు. 1924 జూన్ 30న జెరూసలేంలో అతన్ని కాల్చి చంపింది హగానా అనే యూదు సాయుధ దళం.

ప్రశ్న: హిట్లర్ అంత మారణహోమం చేశాక కూడా సొంత దేశం వద్దనడం ఎలా సాధ్యం?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ ప్రశ్న చాలామంది యూదులు వేసుకున్నదేనమ్మా. మూడు ప్రమాణాల వాదానికైతే హిట్లర్‌కు ముందే, 1920లోనే కొందరు రబ్బీలు జవాబిచ్చారు. ఇటలీలోని శాన్ రెమో సమావేశంలో పాలస్తీనాలో యూదుల నివాసానికి దేశాలే అనుమతించాయి గనుక ఇక ప్రమాణ భంగం లేదన్నారు. రబ్బీ అవ్రహాం కుక్ అయితే, దేవుణ్ణి నమ్మని జియోనిస్టు యువకులు కూడా తెలియకుండానే దేవుడి పని చేస్తున్నారన్నాడు. నేటి మతవాద జియోనిస్టులు చాలావరకు ఆయన బాటలోని వాళ్ళు.

ఎదుటి వైపు సత్మార్ గురువు యోయెల్ తైతెల్‌బామ్ (1887–1979). 1944లో బెర్గెన్-బెల్సెన్ శిబిరం నుంచి బయటపడి, 1946లో న్యూయార్క్ చేరి విలియమ్స్‌బర్గ్‌లో తన సమాజాన్ని తిరిగి నిలబెట్టాడు. 'వయోయెల్ మోషే' అనే గ్రంథంలో మూడు ప్రమాణాలను పొడుగునా వివరించి, ఆ మారణహోమం కూడా ప్రమాణం తప్పినందుకు పడిన శిక్షేనన్నాడు. ఈ మాట నేను ఒప్పుకోలేను. పసిపిల్లలను చంపిన నేరం చంపినవాళ్ళదే. పైగా ఆయన్ను కాపాడిన రైలు, రుడాల్ఫ్ కాస్ట్‌నర్ అనే జియోనిస్టు నాజీలతో బేరమాడి సాధించింది. ఈ సంగతి ఆయన విమర్శకులు నేటికీ గుర్తుచేస్తుంటారు. అయినా సర్వం పోగొట్టుకున్న మనిషి ప్రతీకారం అడగలేదు, సైన్యం అడగలేదు, ఇంకా ఓపిక పట్టండన్నాడు. ఆ విశ్వాసం ముందు నేను తల వంచుతాను.

ఒక జాగ్రత్త: 2006లో టెహరాన్‌లో మారణహోమాన్నే శంకించే సదస్సుకు నెతురెయ్ కర్తా వాళ్ళు కొందరు వెళ్ళారు. సత్మార్ వాళ్ళే దాన్ని గట్టిగా ఖండించారు. అందర్నీ ఒకే గాటన కట్టకూడదు.

ప్రశ్న: చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదులున్నారు కదా. వాళ్ళూ ఇజ్రాయెల్‌ను కాదంటారా?
– ఒక విద్యార్థి, పొన్నూరు

జవాబు: లేదు బాబూ. తమది ప్రాచీన ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రమని చెప్పుకునే ఆ కొద్ది కుటుంబాలు హీబ్రూ నేర్చుకుంటూ, విశ్రాంతి దినం పాటిస్తూ, ఇజ్రాయెల్ చేరాలని ఆశపడుతున్నాయి. అయితే పరమగీతం మీది పాత వ్యాఖ్యానంలో, వేళ రాకముందే విముక్తికి తొందరపడి నాశనమైన వాళ్ళలో ఎఫ్రాయిము సంతతినీ చెబుతారు. గాతు మనుషుల చేతిలో వాళ్ళు చనిపోయిన సంగతి మీ ఇంట్లో బైబిల్ ఉంటే దినవృత్తాంతముల మొదటి గ్రంథం 7వ అధ్యాయంలో చూడండి. తొందరపడకూడదనేవాళ్ళు ఆ కథను తమ వాదానికి సాక్ష్యంగా చూపుతారు.