వసీలి శుక్షిన్ సినిమాలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? ఆయన నటుడా, దర్శకుడా?

రష్యన్ సినిమా చూడటం ఇప్పుడే మొదలుపెట్టారు, శుక్షిన్ పేరు చాలాచోట్ల కనిపిస్తోంది, కొందరు నటుడంటున్నారు, కొందరు దర్శకుడంటున్నారు, ఇంకొందరు కథకుడంటున్నారు, ఏ సినిమాతో మొదలుపెట్టాలి అని అడిగారు. నేను సినిమా పండితుణ్ని కాను, వైద్యుణ్ని. కానీ ఆరేళ్లు బర్నౌల్‌లో చదువుకున్నాను. అది సైబీరియాలో అల్తాయ్ ప్రాంతానికి ముఖ్యపట్టణం, శుక్షిన్ ఆ ప్రాంతపు బిడ్డ. అక్కడి నాటకశాలకు ఆయన పేరే పెట్టారు. అందుకని ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

ముందు సూటిగా చెప్తాను. 1974లో వచ్చిన 'కలీనా క్రాస్నయా' (ఎర్ర కలీనా పండ్లు అని అర్థం) సినిమాతో మొదలుపెట్టండి. రాసింది, తీసింది, అందులో ప్రధాన పాత్ర వేసింది ముగ్గురూ ఆయనే. సంవత్సరాల వరుసలో చూడమని కొందరు సలహా ఇస్తారు. నేనైతే వద్దంటాను. ఈ ఒక్క సినిమా చూశాక వెనక్కి వెళ్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

నేను దీన్ని మొదటిసారి చూసింది రష్యన్ భాష క్లాసులో. మొదటి ఏడాది మాకు వైద్యం కంటే భాష పాఠాలే బరువు. ఆ రోజు బయట మైనస్ ముప్పై. టీచరమ్మ పుస్తకం మూసి, "ఇవాళ వ్యాకరణం వద్దు, ఒక మనిషిని చూద్దాం" అని గోడ మీద సినిమా వేసింది. మాకు వచ్చిన రష్యన్ ఎంత? పేరు చెప్పడం, రొట్టె అడగడం, బస్సు టికెట్ కొనడం. మాటలు సగం కూడా అర్థం కాలేదు. అయినా సినిమా అయ్యేసరికి క్లాసులో ఒక్కరూ కదల్లేదు.

కథ చిన్నది. యెగోర్ ప్రకూదిన్ అనే దొంగ జైలు నుంచి విడుదలవుతాడు. ఉత్తరాల ద్వారా పరిచయమైన ల్యూబా అనే పల్లెటూరి ఆవిడ ఇంటికి వెళ్తాడు. ట్రాక్టర్ నడుపుతాడు, పొలం దున్నుతాడు, మనిషిలా బతకాలని చూస్తాడు. పాత ముఠా వదలదు. దారిలో బిర్చ్ చెట్లు కనిపిస్తే ఆగి, తెల్లటి మానుల మీద చెయ్యేసి, పెళ్లికూతుళ్లను పలకరించినట్టు ముద్దుగా పలకరిస్తాడు. వేరే ఎవరు చేసినా అది అతిగా ఉండేది. ఈ మనిషి చేస్తే మాత్రం, ఏళ్ల తరబడి చెట్టు మొహం చూడనివాడికి అలాగే ఉంటుంది కదా అనిపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం తల్లి దగ్గరికి వెళ్లే ఘట్టం. యెగోర్ ఇల్లు వదిలి ఎన్నో ఏళ్లయింది. తల్లి ఒక పాత ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. తనెవరో చెప్పే ధైర్యం లేదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఓ మూల కూర్చుంటాడు. ల్యూబా పింఛను సంగతులు కనుక్కోవడానికి వచ్చినట్టు ముసలావిడను మాటల్లో పెడుతుంది. పిల్లలెంతమంది, ఎక్కడున్నారు, ఎవరైనా వస్తారా అని అడుగుతుంది. ముసలావిడ చెప్తూ ఉంటుంది. గొంతు పెంచదు, కళ్లు తుడుచుకోదు. బయటికొచ్చి కొంత దూరం పోయాక యెగోర్ బండి ఆపి, ఒక దిబ్బ మీద బోర్లా పడి మట్టిని పిడికిళ్లతో పట్టుకుని ఏడుస్తాడు. దూరంగా పాడుబడ్డ చర్చి.

ఆ తల్లి పాత్ర వేసింది నటి కాదు. ఎఫీమ్యా బిస్త్రోవా అని వోలగ్దా ప్రాంతంలోని ఒక పల్లెటూరి వృద్ధురాలు. సినిమా తీసింది ఆ ప్రాంతంలోనే, బెలజెర్స్క్ పట్టణం చుట్టుపక్కల. ఆవిడ చెప్పింది ఎవరో రాసిచ్చిన సంభాషణ కాదు, తన బతుకే. ఇంటికి తిరిగిరాని తన కొడుకు గురించే. శుక్షిన్ సొంత కథను పక్కన పెట్టి, ఆవిడ మాటలను ఉన్నవి ఉన్నట్టు సినిమాలోకి తీసుకున్నాడు. దర్శకుడిగా ఆయనకు నేను నమస్కారం పెట్టేది ఇక్కడే. ఎదుటి మనిషి నిజం చెబుతుంటే రచయిత నోరు మూసుకోవాలని ఆయనకు తెలుసు.

ఆ ఘట్టం నాకెందుకు అంత దగ్గరో కూడా చెప్తాను. మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. ఆరేళ్లలో రెండుసార్లే ఇంటికి రాగలిగాను. మొదటిసారి వచ్చినప్పుడు మా నాయనమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. కళ్లల్లో పొరలు. నేను దగ్గరికెళ్లి నిలబడితే, "ఎవరు బిడ్డా?" అంది. నోట మాట రాలేదు. పేరు చెప్పడానికి అంతసేపు ఎందుకు పట్టిందో ఇప్పటికీ నాకు తెలియదు. అది జరిగింది ఈ సినిమా చూసిన ఏడాదిన్నరకు. అప్పటి నుంచి ఆ ఘట్టాన్ని మధ్యలో ఆపకుండా చూడటం నావల్ల కాలేదు.

ఇక ఆయన జీవితం. 1929 జూలై 25న స్రోస్త్కి అనే ఊళ్లో పుట్టాడు. కతూన్ నది ఒడ్డున, మంగోలియా వైపు పోయే చూయ్‌స్కీ రహదారి మీద ఉంటుంది ఆ ఊరు. తండ్రి మకార్‌ను 1933లో అరెస్టు చేసి కాల్చేశారు. అప్పటికి పిల్లవాడికి నాలుగేళ్లు కూడా నిండలేదు. ఖైదీ కొడుకన్న ముద్ర పడకుండా చాలాకాలం తల్లి ఇంటిపేరు పపోవ్‌తోనే పెరిగాడు. పదహారేళ్లకు గుర్తింపు కాగితం తీసుకునేటప్పుడు మళ్లీ తండ్రి పేరు పెట్టుకున్నాడు. కూలి పనులు చేశాడు, నౌకాదళంలో చేశాడు, కడుపులో పుండు వల్ల అక్కణ్నుంచి ఇంటికి పంపేశారు. సొంతూరి రాత్రి బడిలో పంతులుగా, ఆ బడి పెద్దగా కూడా ఉన్నాడు. 1954లో మాస్కో సినిమా విద్యాలయంలో మిఖాయిల్ రోమ్ దగ్గర దర్శకత్వం విద్యార్థిగా చేరాడు. దారి ఖర్చులకు తల్లి ఆవును అమ్మిందని ఆ ఊళ్లో అందరూ చెబుతారు. అప్పుడాయనకు పాతికేళ్లు. తోటి విద్యార్థులంతా చదువుకున్న ఇళ్ల పిల్లలు, ఈయన బూట్లతో సైనికుడి వేషంలో వచ్చిన పల్లెటూరివాడు.

దర్శకత్వం నేర్చుకుంటుండగానే నటుడయ్యాడు. 1958లో మార్లెన్ ఖుత్సియేవ్ తీసిన 'ఇద్దరు ఫ్యోదర్లు' సినిమాలో, యుద్ధం నుంచి తిరిగొచ్చి ఒక అనాథ పిల్లవాణ్ని చేరదీసే సైనికుడి వేషం. ఆ తర్వాత పదేళ్లకు పైగా ఇతరుల సినిమాల్లో వరుసగా వేషాలు వేశాడు. అందులో బతుకుతెరువు కూడా ఉంది. మాస్కోలో సొంత ఇల్లు లేని రోజులవి. ఈ వేషాల్లో ఒకటి మీరు తప్పక చూడాలి. అలెక్సాందర్ అస్కోల్దోవ్ 1967లో తీసిన 'కమిస్సార్'లో ఆయనది చిన్న పాత్ర, సైనిక దళాధిపతి. ఆ సినిమాను ఇరవై ఏళ్లు తొక్కిపెట్టారు, తనున్న ఆ సినిమా విడుదల కావడం చూడకుండానే ఆయన పోయాడు. సెర్గేయ్ గెరాసిమొవ్ తీసిన 'సరస్సు పక్కన'లో బైకాల్ ఒడ్డున కట్టే కాగితపు గుజ్జు ఫ్యాక్టరీ డైరెక్టరుగా చేశాడు. దానికి 1971లో సోవియట్ ప్రభుత్వ బహుమతి వచ్చింది. దొంగ యెగోర్‌ను చూసిన వెంటనే ఈ అధికారిని చూడండి. మొహం అదే, దవడ ఎముకలు అవే, మనిషి మాత్రం వేరు.

దర్శకుడిగా మొదటి పెద్ద సినిమా 1964లో, సొంత కథల ఆధారంగా. పేరు 'ఇలాంటి కుర్రాడొకడున్నాడు' అని చెప్పుకోవచ్చు. చూయ్‌స్కీ రహదారి మీద లారీ నడిపే పాష్కా కథ. పాష్కాగా లియనీద్ కురవ్ల్యోవ్. అల్లరి, కోతలు, కనిపించిన ప్రతి అమ్మాయినీ పలకరించడం. అలాంటివాడు పెట్రోలు డిపోలో ఒక లారీకి మంటలంటుకుంటే ఎక్కి దూరంగా నదివైపు తోలుకుపోతాడు. తర్వాత ఎందుకు చేశావంటే సరిగ్గా చెప్పలేడు. వెనిస్‌లో పిల్లల సినిమాల విభాగంలో బహుమతి, సొంత దేశంలో హాస్యచిత్రంగా బహుమతి వచ్చాయి. తాను హాస్యచిత్రం తీయలేదని శుక్షిన్ అప్పుడే రాశాడు. చూస్తే మీకూ ఆయన మాటే నిజమనిపిస్తుంది. తర్వాతి రెండు సినిమాలు, 1965, 1969లలో వచ్చినవి, తర్వాతెప్పుడైనా చూసినా పర్లేదు.

'పేచ్కీ-లావచ్కీ' (1972) మాత్రం వదలకండి. ఇవాన్ అనే ట్రాక్టర్ డ్రైవర్, భార్య న్యూరా, జీవితంలో మొదటిసారి సముద్రం చూడ్డానికి రైలెక్కుతారు. ఇవాన్ ఆయనే, న్యూరా ఆయన నిజం భార్య లీదియా ఫెదసేయెవా, సినిమాలో వాళ్ల పిల్లలు కూడా నిజం పిల్లలే. ఊరంతా కలిసి సాగనంపే దృశ్యంలో ఉన్నది చాలావరకు ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. రైలు పెట్టెలో చక్కటి బట్టలేసుకుని తియ్యగా మాట్లాడినవాడు దొంగ, చిరాకుగా కనిపించిన ముసలాయన జానపద భాషను సేకరించే ప్రొఫెసర్. ఎవరిని నమ్మాలో తెలియక ఇవాన్ ఒకసారి మరీ మంచిగా, ఒకసారి మరీ మొరటుగా మాట్లాడేస్తాడు. మొదటిసారి పెద్ద ఊరెళ్లి ఆఫీసు గుమ్మంలో నిలబడ్డ మన పల్లె మనిషి ఎలా ఉంటాడో నాకు తెలుసు, మా నాన్నను చూశాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. గొంతు మామూలు కంటే పెద్దదవుతుంది. శుక్షిన్ చేతులను గమనించండి.

నలభై ఏళ్లు వచ్చేసరికి తాను పట్నం వాడూ కాలేదు, పల్లె వాడిగానూ మిగల్లేదని, ఒక కాలు ఒడ్డున, ఒక కాలు పడవలో ఉన్నట్టుందని ఆయనే రాసుకున్నాడు. మనం రెంటికీ చెడ్డ రేవడి అంటాం కదా, ఆ బాధే. నటుడా దర్శకుడా రచయితా అన్న మీ ప్రశ్నకు నా జవాబు కూడా ఇదే. మూడు పనుల్లోనూ ఆయన పట్టుకున్నది ఒక్క మనిషినే. ఊరు వదిలేసి, వదల్లేక, తిరిగి పోలేక నిలబడ్డ మనిషి. లారీ పాష్కా, రైల్లో ఇవాన్, జైలు నుంచి వచ్చిన యెగోర్ అందరూ ఆ మనిషే. రాసినప్పుడు సరిపోక తీశాడు, తీసినప్పుడు సరిపోక తనే వేషం కట్టాడు.

ఆయన తీయాలనుకుని తీయలేకపోయింది స్తెపాన్ రాజిన్ సినిమా. రాజిన్ 17వ శతాబ్దంలో రష్యా చక్రవర్తి జార్ మీద తిరగబడ్డ కొస్సాకుల (దక్షిణ రష్యా గుర్రపు యోధుల) నాయకుడు. స్క్రిప్టు రాశాడు, నవల రాశాడు, రాజిన్ వేషం తానే వేయాలనుకున్నాడు. ఏళ్లు గడిచాయి, అనుమతి వచ్చినట్టే వచ్చి ఆగిపోయేది. ఆ ఆశ మీదే స్టూడియో మారి మోస్‌ఫిల్మ్‌కు వచ్చాడు, ముందు ఇప్పటి కాలం కథ ఒకటి తీయమన్నారు, అదే 'కలీనా క్రాస్నయా' అయింది. మొదటి ఏడాదిలోనే 6 కోట్ల మందికి పైగా చూశారు. ఆ తర్వాత సెర్గేయ్ బందర్చూక్ 'మాతృభూమి కోసం పోరాడారు' సినిమాలో లపాహిన్ అనే సైనికుడి వేషానికి ఒప్పుకున్నాడు. షూటింగు దొన్ నది దగ్గర, నటులకు బస ఒక ఓడలో. 1974 అక్టోబర్ 2న ఆ ఓడలో తన గదిలో చనిపోయి కనిపించాడు. నలభై అయిదేళ్లు. మిగిలిన షాట్లు పోలికున్న మనిషితో తీసి, మిగిలిన మాటలు మరో నటుడితో చెప్పించారు. ఆ సినిమా చూసేటప్పుడు ఎక్కడ ఆ గొంతు మారిందో నా చెవి వెతుకుతూనే ఉంటుంది.

మాస్కోలో నొవదేవిచీ శ్మశానంలో ఆయన సమాధి మీద జనం కలీనా గుత్తులు తెచ్చి పెట్టారు. కలీనా అంటే మన దగ్గర లేని చెట్టు. ఎర్రటి పండ్లు గుత్తులుగా కాస్తాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, నోట్లో పెడితే చేదు. మంచు పడ్డాక కాస్త తీపెక్కుతుంది. అల్తాయ్‌లో దాన్ని పిండిలో పెట్టి కాలుస్తారు, వాసన ఘాటుగా, మొదటిసారికి అసలు నచ్చదు. రెండో ఏడు నుంచి నేనే వెతుక్కుని తిన్నాను.

నాలుగో ఏడు జూలైలో స్రోస్త్కి వెళ్లాను. బీస్క్ దాటాక ముప్పై నలభై కిలోమీటర్లు. ఏటా ఆయన పుట్టినరోజు దగ్గర ఊరి పక్కన పికెత్ కొండ మీద జనం చేరతారు, కథలు చదువుతారు, పాడతారు. పైన వ్యచెస్లావ్ క్లీకొవ్ చేసిన విగ్రహం ఉంది, 2004లో పెట్టారు. 'పేచ్కీ-లావచ్కీ' చివర్లో కూర్చున్నట్టే చెప్పుల్లేకుండా కూర్చుని ఉంటాడు. కంచు పాదం వేళ్లు జనం తాకి తాకి నున్నగా మెరుస్తున్నాయి. నేనూ తాకాను, ఎండకు వేడిగా ఉంది. కింద ఊళ్లో, పుస్తకం డబ్బులతో 1965లో తల్లికి కొనిపెట్టిన ఇల్లు ఉంది. ఇప్పుడది మ్యూజియం. తల్లి అక్కడే ఉండేది, ఆయన మాస్కో నుంచి వచ్చిపోయేవాడు.

కాబట్టి నా వరుస ఇది: మొదట 'కలీనా క్రాస్నయా', వెంటనే 'పేచ్కీ-లావచ్కీ', తర్వాత పాష్కా సినిమా, ఆ తర్వాత నటుడిగా 'సరస్సు పక్కన', 'కమిస్సార్', చివరికి బందర్చూక్ సినిమా. 'కలీనా క్రాస్నయా' మోస్‌ఫిల్మ్ వాళ్ల యూట్యూబ్ ఛానల్లో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో ఉచితంగానే ఉంది. ఒక్కటే కోరతాను. తల్లి ఘట్టం ఒకసారి అలాగే చూడండి, రెండోసారి సబ్‌టైటిల్స్ ఆపేసి చూడండి. ఆ ముసలావిడది వోలగ్దా యాస, 'అ' అనాల్సిన చోట నిండుగా 'ఒ' అంటుంది. మాట అర్థం కాకపోయినా ఎక్కడ కొడుకు సంగతి వస్తుందో మీకు తెలిసిపోతుంది.