చివరి రెండు రోజులు తీసేయకండి టీచర్ గారూ

ప్రశ్న: మాది జడ్చర్ల. నేను ప్రభుత్వ బడిలో టీచర్‌ని, మా వారికి ఎరువుల దుకాణం ఉంది. పెళ్లై 22 ఏళ్లయినా ఇద్దరమే కలిసి ఎక్కడికీ పోలేదు. ఈ వేసవి సెలవుల్లో, ఏప్రిల్ చివరి వారంలో అండమాన్‌కు ఆరు రాత్రుల టూర్ అనుకుంటున్నాం. ఏజెంటు 1,43,320 రూపాయల లెక్క ఇచ్చాడు. 20 నెలలు, నెలకు 6,000 చొప్పున కట్టిన చిట్టీ ఈ మధ్యే అయిపోయి 1,20,000 చేతికి వచ్చింది. మిగతాది క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద పెడదామని నేనంటున్నాను. మా వారేమో చివరి రెండు రోజుల రిసార్టు తీసేద్దామంటున్నారు. 'అక్కడ చూసేదేముంది, ఊరికే కూర్చోవడానికి 28 వేలా?' అని ఆయన మాట. మా అత్తమ్మకు అసలు ఈ ప్రయాణమే నచ్చలేదు. 'మేం బొంబాయికి కూలికి పోయినం, మీరు కూసోనీకి పోతున్నరా' అన్నది. ఏం చేయమంటారు?

జవాబు: టీచర్ గారూ, ముందు అత్తమ్మ మాట గురించి చెప్తాను. పాలమూరులో పుట్టినవాళ్లకు ఆ మాట ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. బొంబాయి, పుణె బస్సులు ఎక్కిన ఇళ్లలో ప్రయాణం అంటే పనికి పోవడమే. ఊరికే కూర్చోవడానికి డబ్బు పెట్టడం ఆమెకు వింతగానే ఉంటుంది. కానీ ఆమె మాట వెనక డబ్బు ప్రశ్న కూడా ఉంది: 'అప్పు చేసి పోతున్నరా?' అని. అప్పు లేకుండా పోతే ఆమెకు మీరు ధైర్యంగా సమాధానం చెప్పొచ్చు. కాబట్టి ఈ లెక్కను అప్పు లేకుండా తేల్చుదాం.

మీరు పంపిన లెక్క ఇది. విమానం టికెట్లు 38,000. ఫెర్రీలు, టాక్సీలు 26,000. మొదటి నాలుగు రాత్రుల గదులు 20,000. చివరి రెండు రాత్రులు రిసార్టు 28,320. తిండి 22,000. నీళ్లల్లో ఆటలకు 9,000. మీ దగ్గర ఉన్నదానికి 23,320 తక్కువ.

ఇందులో రిసార్టు లెక్క చూడగానే నా కన్ను ఆగింది. రాత్రికి 12,000 గది, దాని మీద 18 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజు అద్దె 7,500 వరకు ఉన్న గదికి పన్ను 5 శాతమే. 7,500 దాటితే 18. ఈ గీత దగ్గర తేడా ఎంతుంటుందో చూడండి: 7,400 గదికి పన్నుతో కలిపి 7,770 అవుతుంది, 7,600 గదికి 8,968 అవుతుంది. అద్దెలో 200 తేడా, జేబులో దాదాపు 1,200 తేడా. అదే రిసార్టులోనో, పక్క రిసార్టులోనో సముద్రానికి కొంచెం వెనకగా ఉండే గదిని 7,000కు అడగండి. రెండు రాత్రులకు 14,700 అవుతుంది. 13,620 మిగిలింది. మంచం మీద నుంచి సముద్రం కనపడకపోతే పోనీ, చెప్పులు వేసుకుని నాలుగు నిమిషాలు నడవండి. పైగా ఖరీదైన గదులున్న హోటళ్లలో రెస్టారెంట్ బిల్లు మీద కూడా 18 శాతం పడుతుంది. చిన్న హోటళ్లలో 5 శాతమే. అలాంటి చోటికి మారితే మీ తిండి ఖర్చు కూడా కొంత తగ్గుతుంది.

నీళ్లల్లో ఆటలకు ఏజెంటు పెట్టిన 9,000లో సగం తీసేయండి. ఇద్దరికీ ఈత రాదని ఉత్తరంలో మీరే రాశారు. ఒక్కటి చేయండి, చాలు. ఇప్పుడు లోటు 5,200కు వచ్చింది. చిట్టీ కిస్తీ 6,000 ఇక కట్టేది లేదు కదా. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అందులో సగం, నెలకు 3,000 పక్కన పెట్టండి. 12,000 అవుతుంది. లోటు పోగా ఇంకో 6,800 చేతిలో ఉంటుంది.

క్రెడిట్ కార్డు అయితే వద్దే వద్దు. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ఉంటాయి. ఒక్క కిస్తీ తప్పితే నెలకు మూడున్నర శాతం, కొన్ని కార్డుల్లో అంతకంటే ఎక్కువే వడ్డీ పడుతుంది. మన దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తి అంటేనే గుండె దడదడలాడుతుంది, ఇది అంతకంటే ఎక్కువ. దుకాణం డబ్బు కూడా ముట్టుకోకండి. మే నెలలో మీ వారు వానకాలం స్టాకు దించుకోవాలి. ఆ సమయంలో గల్లాలో 23 వేలు తక్కువైతే హోల్‌సేల్ వాళ్ల దగ్గర ఉద్దెర పెట్టాలి. ఆయన వద్దనడానికి అసలు కారణం ఇదే అయి ఉంటుందని నాకనిపిస్తోంది. ఒకసారి అడిగి చూడండి.

మరి ఆ రెండు రోజులు ఎందుకు ఉంచాలంటున్నానో చెప్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో టూరుకు పోయి వచ్చి అలసిపోయామని చెప్పేవాళ్లే ఎక్కువ. రోజుకో దీవి, రోజుకో గది, పొద్దున్నే పెట్టె సర్దడం. 22 ఏళ్లలో మీరిద్దరూ తీరిగ్గా మాట్లాడుకున్న రోజులు ఎన్ని? మొదటి నాలుగు రోజులు ఫోటోలకు పోతాయి. చివరి రెండు రోజులే మీవి. నిజంగా తగ్గించాలనుకుంటే తిరిగే చోట్లలో ఒకటి తగ్గించండి. ఆ రెండు రోజులను మాత్రం ముట్టుకోకండి.

అయితే వాటిని ఒక రోజు ముందుకు జరపండి. మీరు పంపిన ప్లానులో ఆఖరి పొద్దున రిసార్టున్న హావ్‌లాక్ దీవి నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఫెర్రీ, అదే రోజు విమానం. గాలి వానకు ఫెర్రీ ఆగితే ఇద్దరి టికెట్లు పోతాయి, అక్కడికక్కడ కొత్త టికెట్లంటే రేటు చెప్పలేం. పోర్ట్‌బ్లెయిర్‌లో ఒకటి, నీల్ దీవిలో ఒకటి, హావ్‌లాక్‌లో మూడు, చివరి రాత్రి మళ్లీ పోర్ట్‌బ్లెయిర్‌లో. రాత్రులు అవే ఆరు, ఖర్చు అంతే. టికెట్లలో పేర్లు చూసి కంగారు పడకండి. పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 నుంచి శ్రీ విజయపురం అని పేరు. హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్.

ఇంకొకటి. అక్కడ గడియారం మనదే గానీ సూర్యుడు మనకంటే చాలా ముందుంటాడు. ఏప్రిల్‌లో సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దుగూకుతుంది. హావ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌కు నాలుగు గంటలకు టాక్సీ మాట్లాడుకుంటే డబ్బు దండగ. మధ్యాహ్నం రెండింటికే పోండి. పొద్దున ఐదింటికే వెలుతురు వస్తుంది కాబట్టి ఆ సమయంలో బీచ్ మీద నడక ఉచితం, జనం కూడా ఉండరు. నగదు కొంచెం ఎక్కువే పెట్టుకోండి. దీవుల్లో నెట్‌వర్క్ పోయినప్పుడు ఫోన్‌పే పనిచేయదు.

రిసార్టులో గది నంబరు చెప్పి తాగిన కొబ్బరిబోండం, టీ, లాండ్రీ అన్నీ చెక్ అవుట్ బిల్లులో కూడి వస్తాయి. నేను ఒకసారి అలాగే దిగిన చోట, పడవ వేళ దాటిపోతోందని చదవకుండానే కట్టేశాను. ఇంటికొచ్చి చూస్తే సర్వీస్ ఛార్జ్ విడిగా వేసి ఉంది. అది తప్పనిసరి కాదు. 2022లో వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలను 2025లో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. తీసేయమని అడగొచ్చు. అందుకే బిల్లు చెక్ అవుట్ రోజు కాకుండా ముందు రోజు సాయంత్రమే తెప్పించుకోండి. మీ వారు దుకాణంలో రోజూ బిల్లులు చూసే మనిషి, ఆయన చేతికే ఇవ్వండి.