పగిలిన గచ్చును వెతుక్కుంటూ బ్రెజిల్ నుంచి వచ్చారు

ఇల్లు, అలంకరణ, కట్టుబట్టల తీరు గురించి ఇంటర్నెట్‌లో రాసేవారికి ఇతర దేశాలలో పాఠకులు ఎలా ఏర్పడతారని, అందమైన ఫొటోలు ఉంటే చాలా లేక విదేశీయుల అభిరుచికి తగినట్టు ఇంటి తీరునే మార్చుకోవాలా అని మీరు అడిగారు. ఎనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి జవాబు చెప్పే అర్హత నాకు కొంత ఉందనుకుంటున్నాను. నా జవాబు మీకు నచ్చకపోవచ్చు: అందం కోసం సముద్రం దాటి ఎవరూ రారు. తమ ఇంట్లో తెగని చిక్కు మీ ఇంట్లో ఎలా తెగిందో చూడటానికే వస్తారు.

ఈ సంగతి తెలియక మొదటి రెండేళ్లు నేను వృథా చేసుకున్నాను. ఇత్తడి పాత్రలో చామంతులు తేల్చి, మంగళగిరి చీరను కర్టెనుగా కుట్టించి, పెంబర్తి నుంచి తెచ్చిన ఇత్తడి పనితనాన్ని గోడకు తగిలించి, ఉదయపు వెలుతురు కోసం సోఫాను హాలు ఈ మూల నుంచి ఆ మూలకు ఈడ్చి, ఒక్కొక్క ఫొటోకు మూడేసి గంటలు వెచ్చించేదాన్ని. చూసేవారిలో మా పిన్నులిద్దరు, కాలేజీ స్నేహితులు నలుగురైదుగురు, మా అత్తగారి చెల్లెలు ఉండేవారు. విదేశీ పాఠకులంటే డాలస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అమ్మాయి ఒక్కతే. ఆమె కూడా చీర ఎక్కడ కొన్నావని అడిగేదే తప్ప రాసింది చదివినట్టు నాకెన్నడూ అనిపించలేదు.

ఆ తరువాత మా తమ్ముడి పెళ్లి జరిగింది. పాలకొల్లు దగ్గర పల్లెలో ఉన్న మా అమ్మమ్మగారి ఇంటి వసారాలో వంటలు పెట్టించాము. ఆ వసారాది ఎర్ర గచ్చు. సిమెంటులో రెడ్ ఆక్సైడ్ పొడి కలిపి, తడి ఆరకముందే తాపీతో పదేపదే నొక్కి మెరుగు పెట్టిన నేల అది. ఎండాకాలం మధ్యాహ్నం దాని మీద చాప కూడా లేకుండా పడుకుంటే వీపుకు తగిలే చల్లదనం ఆ ఇంట్లో పెరిగిన వారందరికీ తెలుసు. వంటవాళ్లు పిండి గ్రైండరును ఎత్తకుండా ఈడ్చడంతో ఆ గచ్చు మూరెడు మేర పెచ్చులుగా లేచిపోయింది. పెళ్లి అయిన మూడో రోజున కుటుంబమంతా ఆ గోతి చుట్టూ నిలబడి తలొక సలహా ఇచ్చారు. మొత్తం తవ్వించి టైల్సు వేయించెయ్యండని మా బాబాయి, పైన కార్పెట్టు పరిచేస్తే సరిపోతుందని మా వదిన అన్నారు. అమ్మమ్మ ఏమీ అనలేదు గాని, ఊడిన పెచ్చులన్నీ ఏరి చేటలో పోసుకుని లోపలికి తీసుకువెళ్లింది. ఆ చేటను చూశాక టైల్సు మాట ఇక నాకు మింగుడు పడలేదు.

వారం రోజులు వెతికితే పక్క ఊరిలో డెబ్బై దాటిన తాపీమేస్త్రి ఒకాయన దొరికారు. ఆయన వచ్చి, గోతి అంచులను వేలితో తడిమి, "ఇది పొద్దున్న మొదలెడితే సాయంత్రానికి ఒక్క చేతి మీద అయిపోవాలండి అమ్మాయిగారూ, మధ్యలో చెయ్యి మారితే అతుకు కనబడిపోద్ది" అన్నారు. ఊగుతున్న అంచులను చెక్కి నాలుగు పక్కలా నిటారుగా కోశారు, లోపల బాగా తడిపి సిమెంటు పాలు పోశారు, అడుగున మామూలు మాలు వేసి, అది పూర్తిగా ఆరకముందే పైన రంగు కలిపిన సిమెంటు పూత వేశారు. ఆ తరువాత మోకాళ్ల మీద కూర్చుని సాయంత్రం దాకా తాపీ ఆడిస్తూనే ఉన్నారు. నేను ప్రతి దశనూ ఫొటో తీస్తుంటే, "ఇల్లంతా వదిలేసి ఈ గొయ్యినే తీస్తావేమే, చూసేవాళ్లు మనింట్లో నేల కూడా సరిగ్గా లేదనుకోరూ?" అని మా అమ్మ నొచ్చుకుంది. వారం రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచి తీసి చూస్తే, పాత నేల ముదురు చింతపండు రంగులో, కొత్త అతుకు కుంకుమ రంగులో, పట్టుచీరకు గుడ్డపీలిక అతికినట్టు కనిపించింది. నాకు ఏడుపు వచ్చింది. మేస్త్రిగారు మాత్రం ఏమీ తొణకకుండా, కొబ్బరినూనె రాసి కొబ్బరి డొక్కతో రోజూ రుద్దుతూ మూడు నెలలు ఆగమన్నారు. మూడు నెలల్లో రంగు పూర్తిగా కలవలేదు. అయితే తెలిసినవారు వేలు పెట్టి చూపిస్తే తప్ప కనిపించనంతగా కలిసింది.

ఇదంతా, రంగు కలవని దశతో సహా, తెలుగులోను ఇంగ్లీషులోను రాసి పెట్టాను. నాలుగు నెలల తరువాత బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్ ప్రాంతం నుంచి ఒక ఆవిడ ఉత్తరం రాశారు. వాళ్ల నాయనమ్మగారి ఇంట్లోనూ ఎర్ర సిమెంటు నేలే ఉందట. అక్కడ దానిని వెర్మెల్యావ్ అంటారని, ఎర్ర మైనం పూసి మెరిపిస్తారని, వంటగదిలో పగులు వచ్చిందని, రంగు కలవడానికి నాకు ఎన్నాళ్లు పట్టిందో చెప్పమని అడిగారు. ఆ నెలలోనే శ్రీలంకలోని గాలె నుంచి ఒకాయన, తమ ఇళ్లలో కూడా ఎర్ర నేలను కొబ్బరి డొక్కతోనే రుద్దుతారని, చిన్నప్పుడు ఆ పని తనదేనని రాశారు. కేరళ నుంచి, గోవా నుంచి ఉత్తరాలు వచ్చాయి. అమెరికాలోని తెలుగువారు కూడా రాశారు గాని, చెక్క నేలల మీద ఆ రంగు వచ్చే పెయింటు ఏదైనా ఉందా అని వారి ప్రశ్న.

వీరందరూ నన్ను ఎలా కనుక్కున్నారో తరువాత ఆలోచిస్తే నవ్వు వచ్చింది. అంతకు ముందు నా ఫొటోలన్నీ కెమెరా పెట్టిన అంకెల పేర్లతోనే ఉండేవి. ఈ గచ్చు ఫొటోలకు మాత్రం, దశలు కలగాపులగం అవుతాయనే భయంతో, రెడ్ సిమెంట్ ఫ్లోర్ క్రాక్ రిపేర్ అని వరస అంకెలతో సాదాసీదా పేర్లు పెట్టుకున్నాను. బొమ్మ కింద వాక్యంలోనూ, చూపు లేనివారికి యంత్రం చదివి వినిపించేందుకు బొమ్మకు జతచేసే వివరణలోనూ అవే మాటలు రాశాను. గూగుల్ బొమ్మను అర్థం చేసుకునేది చాలామటుకు చుట్టూ ఉన్న ఈ మాటలను బట్టే. నా చామంతుల ఫొటోకు "ప్రశాంత ప్రభాతం" అని పేరు పెట్టినప్పుడు దానిని వెతకవలసిన మనిషి ఎవరో నాకే తెలియదు. వంటగదిలో నేల పగిలిన మనిషి ప్రశాంత ప్రభాతం అని వెతకదు, ఎర్ర సిమెంటు నేల పగులు అనే వెతుకుతుంది.

ఇన్‌స్టాగ్రామ్ మీద నాకు నమ్మకం తక్కువ. అక్కడ పెట్టినది దినపత్రిక వంటిది, సాయంత్రానికి పాతబడుతుంది. 2010లో మొదలైన పిన్‌టరెస్ట్ ఇంటి సంగతులకు మేలు. మనుషులు అక్కడ బొమ్మలను ఇల్లు కట్టుకునే రోజు కోసం దాచుకుంటారు, ఏళ్ల తరువాత కూడా వాటి వెంట మన దగ్గరికి వస్తారు. రెండుకు మూడు నిష్పత్తిలో నిలువుగా ఉన్న బొమ్మ అక్కడ బాగా కనిపిస్తుందన్న ఒక్క సాంకేతిక విషయం తెలిస్తే చాలు. మిగిలిన రహస్యాలు చెబుతామని డబ్బు గుంజే కోర్సుల జోలికి పోకండి. నేను ఒకదానికి కట్టాను, అందులో నేర్పింది గోడలకు తెల్లరంగు వేయించుకోమని. పసుపు, కుంకుమ, పోపు చుక్కలు ఎగిరే ఇంట్లో తెల్లని సోఫా, తెల్లని గోడ పెట్టి ప్రపంచ స్థాయి అనడం నాకు ఎన్నటికీ అర్థం కాదు.

ఇల్లు మార్చుకోవాలా అన్న మీ రెండో ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. మన తీరం నుంచి గుడ్డలు ప్రపంచానికి వెళ్లిన కథ ఇందుకు నాకు తోచిన మంచి ఉదాహరణ. 17వ శతాబ్దంలో మచిలీపట్నం మొదలుకొని కోరమాండల్ తీరంలో తయారైన రంగుల నూలు గుడ్డలు ఇరాన్‌కు, ఆగ్నేయాసియాకు, యూరప్‌కు ఓడలకెక్కాయి. ఫ్రాన్సు వాటికి భయపడి 1686లో నిషేధం పెట్టి 1759 వరకు ఎత్తలేదు, ఇంగ్లండు కూడా వాటి వాడకాన్ని నిషేధిస్తూ 1721లో చట్టం చేసింది. వాటి మీది పువ్వులు అందమైనవే గాని, యూరప్‌లో అప్పటికి పువ్వులు వేయగలవారు లేకపోలేదు. అక్కడివారికి చేతకానిది నూలు గుడ్డ మీద ఉతికినా పోని రంగు నిలపడం. కరక్కాయతో, గేదెపాలతో పదును చేసిన గుడ్డ మీద పటిక అద్ది, చిరివేరుతో ఉడికించి ఎరుపు తేవడం మనవారికి తెలుసు. ఇంటావిడ ఉతుకు భయాన్ని తీర్చింది కనుకనే ఆ గుడ్డ గెలిచిందని నా దృఢమైన అభిప్రాయం.

అయితే ఇదే చరిత్రలో నాకు వ్యతిరేకమైన సాక్ష్యం కూడా ఉందని ఒప్పుకోవాలి. 1643లో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు సూరత్‌లోని తమ ఉద్యోగులకు రాస్తూ, దుప్పట్లలో చాలావరకు ముదురెరుపు నేలరంగుతో, అంటే పువ్వుల వెనక ఉండే రంగుతో, వస్తున్నాయని, ఇకపై తెల్లని నేల ఎక్కువగా ఉండాలని కోరారు. తరువాతి కాలపు ఎగుమతి గుడ్డలలో తెల్లని నేల నిజంగానే పెరిగింది. అంటే అడిగినవారి కోసం మార్చుకున్నారు. నేలరంగు మార్చారే గాని రంగు నిలిపే పద్ధతిని మార్చలేదు కదా అని నేను సర్దిచెప్పుకుంటాను.

నేను మార్చుకున్నవి అటువంటి పైపైవే. మూర, జానెడు అన్నచోట పక్కనే సెంటీమీటర్లు, అంగుళాలు రెండూ ఇస్తాను. వేసవిలో ఆరబెట్టండి అని రాయను, ఎందుకంటే మన మే నెల ఆస్ట్రేలియాలో చలి మొదలయ్యే కాలం. 40 డిగ్రీల ఎండ అని రాసి, అమెరికావారి కోసం 104 ఫారెన్‌హీట్ అని చేరుస్తాను. ఫొటో బరువు తగ్గించి పెడతాను, ఎందుకంటే మా ఊళ్లో సిగ్నల్ అందక అవస్థపడే మా అమ్మమ్మ ఫోనులోనూ అది తెరుచుకోవాలి. గచ్చు, వసారా, డొక్క అనే మాటలను మాత్రం తీసివేయలేదు, ఒకసారి అర్థం చెప్పి అలాగే వాడుతున్నాను. బ్రెజిల్ ఆవిడ ఇప్పుడు తన ఉత్తరాలలో గచ్చు అనే రాస్తున్నారు.

నలుగురు చూడటం మొదలైతే నష్టాలు కూడా ఉంటాయని ముందే చెబుతున్నాను. ఒక ఫర్నిచరు దుకాణంవారు మా వసారా ఫొటోను తమ ప్రకటనలో వాడుకున్నారు. అడిగితే, ఇంటర్నెట్‌లో ఉన్నదే కదండీ అన్నారు. వారు అమ్మేది ఎర్ర గచ్చును పోలిన, నేల మీద పరిచే ప్లాస్టిక్ షీటు. మా అమ్మమ్మకు ఇది చెప్పలేదు.

మొన్న సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టడానికి వెళ్లినప్పుడు, బ్రెజిల్ ఆవిడ తమ వంటగదిలో వేయించిన అతుకు ఫొటోను మేస్త్రిగారికి ఫోనులో చూపించాను. అది ఎక్కడి ఇల్లో చెప్పాను గాని, ఆ దేశం సంగతి ఆయన పట్టించుకోలేదు. కళ్లజోడు పెట్టుకుని, బొమ్మను రెండు వేళ్లతో పెద్దది చేసి, అంచుల వెంట చాలాసేపు చూసి, "నీళ్లు చాల్లేదండి. రెండోరోజే నడిచేసుంటారు, ఇదుగో అంచు విచ్చుతోంది. గోనెపట్టా వారం రోజులుంచమనండి, మళ్లీ చెయ్యమనండి" అన్నారు. ఆ మాటలనే ఇంగ్లీషులో పెట్టి పంపించాను. నిజమే, రెండో రోజున వాళ్లాయన గ్యాస్ బండ కోసం దాని మీద నడిచారట.