కుర్ర దొంగల థ్రిల్లర్లలో పిల్లలకి అంత నచ్చేది ఏముంటుంది?

"మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, ఎప్పుడు చూసినా టీనేజ్ దొంగల గ్యాంగు ఏదో మ్యూజియంకో ఖజానాకో కన్నం వేసే ఇంగ్లిష్ నవలలే చదువుతోంది, వాటిలో అంత ఏముంది, నేను కంగారు పడాలా" అని అడిగారు కదండీ. కంగారు సంగతికి తర్వాత వస్తాను. ఏముంది అన్నదానికి మాత్రం నా దగ్గర ఒకటే జవాబుంది. ఆ గ్యాంగులో ప్రతి ఒక్కరికీ ఒక పని ఉంటుంది, ఆ పని ఇంకొకరు చెయ్యలేరు, ఆ ఒక్కరు రాకపోతే ప్లాను మొత్తం ఆగిపోతుంది. ఆ వయసులో మన పిల్లలకి బయట ఎక్కడా దొరకనిది అదే.

నాకీ పుస్తకాలు మా మేనకోడలి వల్ల అంటుకున్నాయి. అది తొమ్మిదో క్లాసులో ఉండగా ఎండాకాలం సెలవులకి కాకినాడ వచ్చింది, నేను హైదరాబాద్ తిరిగి వెళ్తుంటే గౌతమి ఎక్కే ముందు ఒక లావుపాటి పుస్తకం చేతిలో పెట్టి "మామయ్యా, ఫోన్ చూసుకుంటూ కూర్చోకుండా ఇది చదువు, మధ్యలో నాకు ఫోన్ చేసి తర్వాత ఏమవుతుందని మాత్రం అడక్కు" అంది. లీ బార్డుగో రాసిన సిక్స్ ఆఫ్ క్రోస్, 2015లో వచ్చింది. సామర్లకోట దాటేదాకా కొంచెం విసుగ్గానే ఉంది ఎందుకంటే ఊరి పేర్లు మనుషుల పేర్లు అన్నీ కొత్త, కానీ గ్యాంగు కుదిరాక ఇంక లైటు ఆర్పమని పక్క బెర్తాయన రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

కథ టూకీగా ఏంటంటే, ఆమ్‌స్టర్‌డామ్ లాంటి ఒక ఊహాలోకపు రేవు పట్నం, దాని పేరు కెటర్‌డామ్, అక్కడ కాజ్ బ్రెకర్ అని పదిహేడేళ్ళ కుర్రాడు. కాలు కుంటి, చేతిలో కర్ర, ఎప్పుడూ గ్లౌజులు వేసుకునే ఉంటాడు, ఏ తాళమైనా తీస్తాడు. వాడికి ఒక పెద్ద వ్యాపారి 3 కోట్ల క్రూగ్ ఇస్తానంటాడు, క్రూగ్ అంటే ఆ ఊరి డబ్బు. పనేమో, ఇంతవరకూ ఎవరూ లోపలికి చొరబడలేకపోయిన మంచు కోటలోంచి ఒక మనిషిని బయటికి తేవాలి. దానికి వాడు ఏర్చి కూర్చిన గ్యాంగులో, వాడితో కలిపి, ఆరుగురూ టీనేజ్ వాళ్ళే. ఇనేజ్ అన్న పిల్లది గడలూ తాళ్ళ మీద ఆడే వాళ్ళ కుటుంబం, ఎత్తుకొచ్చి అమ్మేస్తే ఈ ఊళ్ళో పడింది, అందుకే ఏ గోడైనా ఎక్కేస్తుంది. జెస్పర్ గురి తప్పడు గానీ పేకాట అప్పుల్లో పీకల్లోతు మునిగాడు. వైలన్ డబ్బున్న ఇంట్లోంచి పారిపోయి వచ్చిన వాడు, మందుగుండు తయారు చేస్తాడు. నీనా మనుషుల గుండె వేగాన్నే అదుపు చెయ్యగలదు. ఇంక మథయస్ అని ఆ కోట తరఫు మాజీ సైనికుడు, లోపలి దారులన్నీ వాడికే తెలుసు, కానీ వాణ్ణి నమ్మొచ్చో లేదో చివరిదాకా తెలీదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, హైస్ట్ కథల్లో, అంటే గ్యాంగు ప్లాను వేసి చేసే పెద్ద దొంగతనాల కథల్లో, సగం టెన్షను ఆ లోపలి మనిషి మీదే నడుస్తుంది.

ఇక్కడ చూడండి, వీళ్ళ ఒక్కొక్కరి పనితనం వాళ్ళకి తగిలిన దెబ్బ పక్కనే ఉంటుంది. కాజ్‌కి ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేస్తే ప్రాణం పోయినట్టుంటుంది, గ్లౌజులు అందుకే, కానీ ఊళ్ళో అందరూ అదేదో భయంకరమైన రహస్యం అనుకుని రకరకాల కథలు అల్లుతారు, వాడు ఆ కథల్ని అలాగే ఉంచేసి తన పరపతికి వాడుకుంటాడు. పదిహేనేళ్ళ పిల్లలకి మొహం మీద మొటిమ వస్తేనే లోకమంతా దాన్నే చూస్తోందనిపిస్తుంది కదా, అలాంటి వయసులో తన లోపాన్నే ఆయుధంగా తిప్పుకున్న కుర్రాణ్ణి చదివితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మా మేనకోడలు ఆ పేజీల దగ్గర పెన్సిల్‌తో గీతలు గీసి పెట్టింది, నేనేం అడగలేదు.

నా సొంత అనుభవం కూడా ఒకటి చెప్తాను. మేం ఇంటర్ చదివింది రెసిడెన్షియల్ కాలేజీలో, పేరెందుకు లెండి, అప్పట్లో అన్నీ ఒకలాగే ఉండేవి. పొద్దున చీకటితో లేపి స్టడీ అవర్, రాత్రి మళ్ళీ స్టడీ అవర్, వారం వారం టెస్టు, మార్కుల లిస్టు గోడ మీద, ఆ లిస్టుని బట్టి సెక్షన్, సెక్షన్‌ని బట్టి లెక్చరర్ పలకరింపు. అక్కడ మనిషంటే ఒక నంబరు. మా సెక్షన్లో ఎప్పుడూ కింద నుంచి రెండో మూడో ఉండే ఒకడుండేవాడు, వాణ్ణి ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. సెకండ్ షోకి గోడ దూకాలని మేమనుకున్నప్పుడు తెలిసింది, వాచ్‌మన్ ఏ టైముకి టీకి వెళ్తాడో, వెనక గోడ మీద గాజు పెంకులు ఎక్కడ ఊడిపోయాయో, మెస్సు దగ్గర కుక్క ఎవరికి అరవదో, అన్నీ వాడికే తెలుసని. టాప్ ర్యాంకరేమో చాలా సిన్సియర్‌గా దిండ్లు పేర్చి దుప్పటి కప్పే డ్యూటీ తీసుకున్నాడు, ఎందుకంటే వాడు గది దాటి వెళ్ళినా వార్డెన్ అనుమానించడు. వార్డెన్ గొంతు అచ్చు దింపేవాడు ఇంకొకడు. ఆ రాత్రి చూసిన సినిమాలో ఒక్క సీను కూడా నాకు గుర్తు లేదు, కానీ దానికి ముందు నాలుగైదు రాత్రులు రఫ్ నోట్సు వెనక పేజీలో మ్యాపు గీసుకుంటూ ఎవడెక్కడ నిలబడాలో గుసగుసలాడుకోవడం ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తే. ఆ నాలుగు రోజులూ కింద నుంచి మూడో ర్యాంకు వాడు మాకు లీడరు. టీనేజ్ హైస్ట్ నవల ఏది తెరిచినా నాకు కనిపించేది అదే, ఒక్క కొలబద్దతో అందర్నీ కొలిచే చోట నుంచి కాసేపు బయటికి రావడం.

రెండో ఆకర్షణ, ఇది కొంచెం టెక్నికల్, ఆ ప్లాను చెప్పే పద్ధతి. ఈ తరహా కథల్లో ఒక కిటుకుంది. ప్లాను ముందే మనకి పూర్తిగా విప్పి చెప్పారంటే అది తప్పకుండా బెడిసికొడుతుంది, చెప్పకుండా దాచారంటే అది పనిచేస్తుంది. సిక్స్ ఆఫ్ క్రోస్‌లో ఇనేజ్ చెత్త కాల్చే కొలిమి పొగగొట్టంలోంచి పైకి ఎక్కాలి, చల్లారి ఉంటుందని లెక్క వేసుకుంటారు, తీరా చూస్తే అది ఇంకా వేడిగానే ఉంటుంది, బూట్ల రబ్బరు కరిగిపోతుంటే ఆ పిల్ల ఎక్కుతూనే ఉంటుంది. అక్కడ నాకు అరచేతులు చెమట పట్టాయండి, నవ్వకండి. ఇంకో పక్క కాజ్ బుర్రలో ఉన్న అసలు ప్లాను మనకే కాదు తోటి వాళ్ళకి కూడా చెప్పడు. బయటపడ్డాక వెనక్కి తిప్పి చూస్తే ఆ ముక్క రచయిత్రి ముందే మన కళ్ళ ముందు పెట్టి ఉంటుంది, మనమే దాటేసి వచ్చాం. ఈ విషయంలో నాకు ఇంకా ఎక్కువ నచ్చింది మేగన్ వేలన్ టర్నర్ రాసిన ద థీఫ్, 1996 నాటిది. అందులో జైల్లో ఉన్న కుర్ర దొంగని ఒక రాయి దొంగిలించడానికి బయటికి తీసుకెళ్తారు, కథ చెప్పేది ఆ దొంగే, "నేను" అంటూ అంతా మనకి చెప్తున్నట్టే ఉంటుంది, అబద్ధం ఒక్కటీ ఆడడు, కానీ చెప్పాల్సినవన్నీ చెప్పడు. మా మేనకోడలు అది అయిపోయిన రోజే మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది, ఎక్కడెక్కడ దాచాడో పట్టుకోడానికి. తెలుగు పాఠం రెండోసారి చదవమంటే ఏడ్చే పిల్ల. కథ ఎలా కట్టారో విప్పి చూడ్డం ఇంతకన్నా బాగా ఏ ట్యూషన్లో నేర్పుతారు చెప్పండి.

ఇంక నీతి సంగతి. మీ కంగారంతా ఇక్కడే ఉందనుకుంటా. ఈ పుస్తకాల్లో ఎవర్ని దోచుకుంటున్నారో గమనించండి. ఆలీ కార్టర్ రాసిన హైస్ట్ సొసైటీలో, 2010ది, పదిహేనేళ్ళ క్యాట్ కొట్టేయాలనుకునే పెయింటింగులు నిజానికి ఎప్పుడో నాజీలు యూదుల ఇళ్ళలోంచి లాక్కున్నవి. పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ థీఫ్ అని గ్రేస్ డి. లీ నవల ఉంది, 2022, అందులో వాళ్ళు కాలేజీ పిల్లలు, కొంచెం పెద్దవాళ్ళే, అయినా ఇదే కోవ. 1860లో బ్రిటిష్ ఫ్రెంచ్ సైన్యాలు బీజింగ్ దగ్గర పాత వేసవి రాజభవనాన్ని దోచుకుని తగలబెట్టాయి కదా, అక్కడి ఫౌంటెన్ కంచు తలల్ని పాశ్చాత్య మ్యూజియంల నుంచి వెనక్కి తేవాలని ఈ చైనీస్ అమెరికన్ పిల్లలు బయల్దేరతారు. దొంగ దగ్గర దొంగిలిస్తే అది దొంగతనమా కాదా అన్న ప్రశ్న అక్కడ సూటిగా తగుల్తుంది. మా ఇంట్లో అది వెంటనే కోహినూర్ మీదికి వెళ్ళింది, మన కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందంటారు, 1849లో లాహోర్ ఒప్పందం కింద బ్రిటిష్ వాళ్ళు పంజాబ్ మహారాజు దులీప్ సింగ్ దగ్గర్నుంచి తీసుకున్నప్పుడు ఆ మహారాజుకి పదేళ్ళు. "పదేళ్ళ పిల్లాడి చేత సంతకం పెట్టించుకుంటే అది గిఫ్ట్ ఎలా అవుతుంది మామయ్యా" అని అది అడిగితే మా బావగారు పేపరు మడిచి పక్కన పెట్టి గంటసేపు వాదించారు. దొంగల పుస్తకం పిల్లని చెడగొట్టిందో బాగు చేసిందో మీరే చెప్పండి.

అన్నట్టు ఇదేదో అమెరికా వాళ్ళు కొత్తగా కనిపెట్టారనుకోకండి. దండి సంస్కృతంలో రాసిన దశకుమార చరిత్రలో అపహారవర్మ అని ఒక కుర్రాడున్నాడు, 13వ శతాబ్దంలో మన కేతన దాన్ని తెలుగు చేసి తిక్కనకి అంకితమిచ్చాడు, అభినవ దండి అన్న పేరు ఆయనకి అందుకే. ఈ అపహారవర్మ చంపా నగరానికి వెళ్తాడు, ఊరినిండా పిసినారి షావుకార్లు, సంపద నిలవదని వీళ్ళకి చూపిస్తానంటూ దొంగతనానికి దిగుతాడు. రాత్రి బయల్దేరేటప్పుడు దండి అతని కిట్టు మొత్తం లిస్టు ఇస్తాడు, పాము పడగ లాంటి తవ్వుకోల, పట్టకారు, కొలతాడు, లోపల ఎవరైనా మేలుకుని ఉన్నారేమో చూడ్డానికి కన్నంలోంచి ముందు దూర్చే బొమ్మ తలకాయ, ఎండ్రకాయ లాంటి కొక్కెం, తాడు, దీపం ఆర్పడానికి వదిలే పురుగుల పెట్టె. పురుగుల పెట్టె అండి! ఏ నవలా రచయితైనా కుళ్ళుకోవాల్సిందే. శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో శర్విలకుడనే దొంగైతే గోడ కొలవడానికి టేపు మర్చిపోయి జంధ్యం తీసి కొలుస్తాడు, కన్నం పద్మం ఆకారంలో వెయ్యాలా పూర్ణకుంభం ఆకారంలో వెయ్యాలా అని ఆలోచిస్తాడు, పొద్దున జనం చూసి మెచ్చుకోవాలట. పని తెలిసిన వాడి మీద మనకున్న మోజు ఈనాటిది కాదు. మీ అమ్మాయికి ఈ రెండు ముక్కలూ కథలా చెప్పి చూడండి.

నిజం దొంగతనాలకీ వీటికీ మాత్రం పోలికే లేదు. 2015లో ఈస్టర్ సెలవుల్లో లండన్ హాటన్ గార్డెన్‌లో నగల లాకర్ల గదికి కాంక్రీటు గోడ డ్రిల్ చేసి దోచిన ముఠాలో ఎక్కువమంది ముసలివాళ్ళు, ఒకాయనకి 76 ఏళ్ళు, సీనియర్ సిటిజన్ ఫ్రీ పాస్ మీద బస్సులో వచ్చాడు. నవలల్లో దాన్ని పదహారేళ్ళ వాళ్ళకి ఇచ్చేశారంతే. పుస్తకం చదివి గోడ డ్రిల్ చెయ్యడానికి వెళ్ళిన పిల్లల్ని నేనింతవరకూ చూళ్ళేదు.

నచ్చనివి కూడా ఉన్నాయి, చెప్పకపోతే బాగోదు. పదిహేడేళ్ళ వాళ్ళు ముప్ఫై అయిదేళ్ళ సీఐలా మాట్లాడతారు చాలా చోట్ల. ప్రేమ గొడవ లేకుండా ఒక్కటీ ఉండదు, సరిగ్గా గార్డు వచ్చే టైముకే వీళ్ళకి కళ్ళలోకి చూసుకోవాలనిపిస్తుంది. సిక్స్ ఆఫ్ క్రోస్ హిట్టయ్యాక అదే అచ్చులో పోసినవి బోలెడు వచ్చాయి, గ్యాంగుని పరిచయం చెయ్యడానికే నూట యాభై పేజీలు, తీరా దొంగతనం ముప్ఫై పేజీల్లో తేల్చేస్తారు, అలాంటివి నేను సగంలో వదిలేశాను.

మీ అమ్మాయి ఇప్పటికే ఏవేవి చదివిందో మీరు రాయలేదు. పద్నాలుగేళ్ళకి హైస్ట్ సొసైటీ, ద థీఫ్ నిశ్చింతగా ఇవ్వొచ్చు. సిక్స్ ఆఫ్ క్రోస్‌లో మాత్రం చిత్రహింసలున్నాయి, ఇనేజ్‌ని అమ్మేసిన చోటు వేశ్యాగృహం, వివరంగా చూపించరు గానీ ఆ బరువు పుస్తకం అంతా ఉంటుంది, అందుకని పదిహేను పదహారు దాకా ఆగండి, లేదా మీరు కూడా చదివి మాట్లాడుకోండి, రెండోదే మంచిదని నేనంటాను. కొత్తవి కొంటే ఖరీదే, హైదరాబాద్ అయితే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకండి, నాకు ద థీఫ్ అక్కడే దొరికింది. సిక్స్ ఆఫ్ క్రోస్ తెచ్చేటప్పుడు రెండో భాగం క్రుకెడ్ కింగ్‌డమ్ కూడా కలిపే తెచ్చేయండి, మొదటిది సరిగ్గా ఆపకూడని చోట ఆపుతుంది, అర్ధరాత్రి పూట మిమ్మల్ని లేపి ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టమంటుంది, మా అక్కని లేపినట్టే.