'లైక్' కనబడితే సిమిలీయేనా?

ప్రశ్న: తెలుగు మాధ్యమం నుంచి ఈ ఏడాదే ఇంగ్లీషు మాధ్యమానికి మారిన మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. సిమిలీ, మెటాఫర్, ప్రిపోజిషన్ వంటి వాటి నిర్వచనాలు గడగడా అప్పజెబుతుంది గాని, వాక్యమిచ్చి అందులో ఏముందో చెప్పమంటే తడబడుతోంది. ఇంట్లో ఎలా నేర్పాలి?
- ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, వీటిలో చాలావరకు పేర్లే కొత్తవి, విషయం మన తెలుగు వ్యాకరణంలో ఉన్నదే. సిమిలీ మన ఉపమాలంకారం, మెటాఫర్ రూపకాలంకారం. 'ఆమె ముఖం చంద్రబింబంలా మనోహరంగా ఉంది' అన్న వాక్యంలో ముఖం ఉపమేయం, చంద్రబింబం ఉపమానం, మనోహరంగా ఉండడం సమానధర్మం, 'లా' ఉపమావాచకం. ఈ నాలుగింటినీ విడదీయడం వచ్చిన పిల్లకు ఇంగ్లీషు వాక్యంలో 'లైక్', 'యాజ్' అన్న మాటలు చేస్తున్న పని వెంటనే తెలుస్తుంది. 'ఆయన మనసు వెన్న' అన్నప్పుడు ఆ పోలిక మాట తొలగిపోయి, మనసే వెన్న అయింది, అది రూపకం. మెటాఫర్ అన్న మాటకు మూలమైన గ్రీకు పదానికి ఒకచోటి నుంచి మరొకచోటికి మోసుకుపోవడమని అర్థం. ఇక్కడ వెన్న గుణాన్ని మనసు మీదికి మోసుకొచ్చామని చెబితే పిల్లలు మరిచిపోరు. ఉపమేయ, ఉపమానాలకు ఇంగ్లీషులో టెనర్, వెహికల్ అన్న పేర్లను విమర్శకుడు ఐ.ఎ.రిచర్డ్స్ 1936లో వాడారు. మన ఆలంకారికులు వాటికి అనేక శతాబ్దాల ముందే పేర్లు పెట్టుకున్నారు.

పిల్లలు ఎక్కువగా పొరబడేది 'లైక్' దగ్గరే. 'ఐ లైక్ మ్యాంగోస్' అన్నచోట అది ఇష్టపడడాన్ని తెలిపే క్రియ. 'షీ లుక్స్ లైక్ హర్ మదర్' అన్నచోట పోలిక ఉన్నా అది అలంకారం కాదు, ఎందుకంటే బిడ్డకు తల్లి పోలిక రావడం ఉన్న మాటే. వేర్వేరు జాతుల వస్తువుల మధ్య ఊహతో కట్టిన పోలికనే సిమిలీ అంటారు.

ప్రిపోజిషన్‌ను విభక్తి ప్రత్యయమని చెప్పి వదిలేయకండి. మనం 'బల్ల మీద' అంటాం, వాళ్ళు 'ఆన్ ది టేబుల్' అంటారు. 'ప్రి' అంటే ముందు. నామవాచకానికి ముందు నిలుస్తుంది గనుకనే ఆ పేరు వచ్చింది.

నిర్వచనాలు అప్పజెప్పించుకోవడం కొన్నాళ్ళు ఆపండి. రోజూ పాఠంలోని రెండు వాక్యాలు తీసుకుని, దేన్ని దేనితో పోల్చారో, ఏ గుణం కోసం పోల్చారో తెలుగులోనే చెప్పించి, ఇంగ్లీషు పేరును చివర అడగండి.