తుపాను వస్తోందంటే టికెట్లు ముందే మార్చుకోవాలా, ఆగాలా?

ప్రశ్న: వచ్చే శుక్రవారం మేం నలుగురం విమానంలో వెళ్లాలి. నేను, మావారు, మా అమ్మాయి, మా మామగారు. సోమవారం ఉదయం అమ్మాయి యూనివర్సిటీలో రిపోర్టు చేయాలి. మొదటి విమానం ఒక ఎయిర్‌లైన్‌ది. మధ్యలో మూడు గంటలు ఆగి ఎక్కే రెండో విమానం వేరే ఎయిర్‌లైన్‌ది. రెండు టికెట్లూ విడివిడిగా, ఒక ట్రావెల్ వెబ్‌సైట్‌లో కొన్నాం. గురు, శుక్రవారాల్లో మధ్యలో దిగే ఊరిని తుపాను తాకుతుందంటున్నారు. బుధవారానికి మార్చమంటే మొత్తం టికెట్ల ధరలో మూడో వంతు అదనంగా అడుగుతున్నారు. మావారేమో ‘వాళ్లే రద్దు చేస్తారు, డబ్బంతా వెనక్కి వస్తుంది, ఆగుదాం’ అంటున్నారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే పనికొస్తుందా? అమ్మాయి ఫీజుకి దాచిన డబ్బు కదపొచ్చా?

జవాబు: ముందుగా ఒక్క మాట. ఇది పూర్తిగా చదివేదాకా ఇంట్లో ఎవరూ ఆ వెబ్‌సైట్‌లో ‘క్యాన్సిల్’ బటన్ జోలికి వెళ్లకండి. ఎవరు ముందు రద్దు చేశారన్నదాని మీదే మీ డబ్బు ఆధారపడి ఉంటుంది. మీరు చేస్తే అది మీ రద్దు. టికెట్ షరతుల ప్రకారం కోతలు పోగా మిగిలింది ఇస్తారు. చవక టికెట్ అయితే పన్నులు తప్ప ఏమీ రాకపోవచ్చు, లేదా వాళ్ల దగ్గరే వాడుకోవాల్సిన వోచర్ ఇస్తారు. అదే ఎయిర్‌లైన్ రద్దు చేస్తే, చాలా దేశాల్లో పూర్తి డబ్బు అడిగే హక్కు మీకుంటుంది.

ఈ హక్కు ఎక్కడ ఎంతవరకు ఉంటుందో తెలుసుకోవడం మంచిది. యూరోపియన్ యూనియన్‌లో 2005 నుంచి అమల్లో ఉన్న 261 నంబరు నిబంధన ప్రకారం, విమానం రద్దయితే ఏడు రోజుల్లో రిఫండ్ గానీ, మరో విమానం గానీ ప్రయాణికుడే ఎంచుకోవచ్చు. భోజనం, రాత్రి బస కూడా ఎయిర్‌లైన్ చూడాలి. 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదతో యూరప్ ఆకాశం మూతపడినప్పుడు కూడా ఆ బాధ్యత తప్పదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2013లో తేల్చింది. అమెరికాలో 2024 నిబంధనల ప్రకారం, విమానం రద్దయినా, సమయం దేశీయ ప్రయాణంలో మూడు గంటలు, అంతర్జాతీయ ప్రయాణంలో ఆరు గంటలు లేదా అంతకంటే ఎక్కువ మారినా, ఇచ్చిన ప్రత్యామ్నాయం మీకు వద్దనుకుంటే రిఫండ్ రావాలి. కార్డుతో కట్టి ఉంటే ఏడు పనిదినాల్లో వేయాలి. భారత్‌లో విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే వేరే విమానమో, పూర్తి రిఫండో కోరవచ్చు. అయితే ఈ మూడు చోట్లా ఒక సంగతి ఒక్కటే: వాతావరణం వల్ల రద్దయితే నష్టపరిహారం రాదు. కట్టిన డబ్బు వెనక్కి వస్తుంది, యూరప్‌లో ఆ భోజనం, బస తప్ప పైన ఇంకేమీ ఆశించకూడదు.

కాబట్టి మీవారు చెప్పింది నిజమే, కానీ సగమే. రిఫండ్‌తో డబ్బు వస్తుంది, సోమవారం ఉదయానికి అక్కడికి చేరడానికి సీటు రాదు. విమానాశ్రయం ఒకటి రెండు రోజులు మూతపడితే ఆ రోజుల ప్రయాణికులందరూ, ఆ తర్వాతి రోజుల విమానాల్లో అప్పటికే దాదాపు నిండిపోయిన సీట్ల కోసం ఎగబడతారు. వాన ఆగినంత మాత్రాన విమానాలు సర్దుకోవు. విమానం ఒక ఊళ్లో, పైలట్ ఇంకో ఊళ్లో చిక్కుకుపోయి ఉంటారు. 2022 డిసెంబరు చివర్లో అమెరికాలో మంచు తుపాను తగ్గాక మిగతా ఎయిర్‌లైన్స్ కోలుకున్నా, సౌత్‌వెస్ట్ సంస్థ సిబ్బంది ఎవరెక్కడున్నారో సరిచూసుకోలేక రోజుల తరబడి విమానాలు రద్దు చేస్తూ పోయింది. మొత్తం 16,900 విమానాలు ఆగిపోయాయి. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో కురిసిన వాన ఒక్క రోజుదే. విమానాశ్రయం పూర్తిగా గాడిలో పడటానికి మాత్రం దాదాపు వారం పట్టింది.

ఈ బాధ నాకు స్వయంగా తెలుసు. కొన్నేళ్ల కిందట మా అమ్మను వెంటబెట్టుకుని వస్తూ నేనూ ఇలాగే ‘ఆగుదాం’ అనుకున్నాను. రాత్రి ఎనిమిదింటికి బోర్డు మీద మా విమానం పక్కన ఎర్ర అక్షరాలు పడ్డాయి. కౌంటర్ దగ్గర మొదలైన క్యూ ఎస్కలేటర్ దాకా వెళ్లింది. మా ముందున్నావిడ సూట్‌కేస్ మీద కూర్చుని, నిద్రపోతున్న పిల్లవాణ్ణి ఒళ్లో వేసుకుని, ఒకదాని తర్వాత ఒకటి కార్డు నంబర్లు ఫోన్‌లో కొడుతోంది. రెండు కార్డులకీ లిమిట్ చాలలేదు. మూడో కార్డు మీద దొరికిన టికెట్ పాతదానికి రెండున్నర రెట్లు. ఆ సంగతి చెబుతుంటే ఆవిడ గొంతు వణికింది. నాకు రిఫండ్ పైసా తగ్గకుండా వచ్చింది, కాకపోతే మూడు వారాల తర్వాత. కొత్త టికెట్లకీ, రెండు రాత్రుల గదికీ డబ్బు ఆ రాత్రే కావాల్సి వచ్చింది. అప్పటినుంచి నా దగ్గరికి ఇలాంటి ప్రశ్న వస్తే ముందు అడిగేది టికెట్ ధర గురించి కాదు. ‘సోమవారానికి తప్పకుండా ఎవరు ఉండాలి?’ అని.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది ఇదే. మీరు నలుగురినీ ఒక్క మూటగా చూస్తున్నారు. సోమవారం అక్కడ ఉండి తీరాల్సింది మీ అమ్మాయి, తోడుగా మీ ఇద్దరిలో ఒకరు. మీ మామగారు రెండు రోజులు ఆలస్యంగా వస్తే ఏ పనీ ఆగదు. అందుకని అమ్మాయి, మీరు బుధవారం వెళ్లండి. మీవారు, మామగారు శుక్రవారం టికెట్లు అలాగే ఉంచుకోనివ్వండి. వాళ్లిద్దరి విషయంలో మీవారి సలహా నూటికి నూరుపాళ్లు సరైనది: ఆగాలి, ఎయిర్‌లైన్‌నే రద్దు చేయనివ్వాలి, అప్పుడు రిఫండో, ఉచితంగా మరో తేదీయో తీసుకోవాలి.

లెక్క వేసి చూద్దాం. నలుగురి టికెట్లకు మీరు పెట్టింది 100 అనుకోండి. అందరినీ మారిస్తే అదనం 33. ఇద్దరినే మారిస్తే 16 లేదా 17. రెండు రోజులు ముందు చేరినందుకు గది, తిండి కలిపి ఇంకో 10 వేసుకోండి. అంటే 27 దగ్గర తేలుతుంది. మార్చుకోకుండా శుక్రవారం చిక్కుకుపోతే? ఇద్దరికి అప్పటికప్పుడు కొనే టికెట్లు మామూలు ధరకు రెట్టింపు పడితే 100. పాత టికెట్ల 50 అంతా వెనక్కి వస్తుందనుకున్నా, అది తర్వాత ఎప్పుడో. మధ్య ఊళ్లో గది, భోజనం, టాక్సీలు 30 వేసినా నికర నష్టం 80. ఇరవై ఏడుని ఎనభైతో భాగిస్తే దాదాపు మూడో వంతు. చిక్కుకుపోయే అవకాశం మూడింట ఒక వంతు కంటే ఎక్కువ ఉందనిపిస్తే మార్చుకోవడమే చవక. మీ అసలు అంకెలు పెట్టి ఒకసారి చేసి చూడండి. సోమవారం రిపోర్టు చేయలేకపోతే సీటు విషయంలో వచ్చే ఇబ్బందికి నేను అంకె వేయలేదు. అది కూడా కలిపితే నా మటుకు నాకు అనుమానమే లేదు.

ఆ ‘అవకాశం’ ఎంతో తెలుసుకోవడానికి టీవీ కంటే వాతావరణ శాఖ బులెటిన్ నమ్మండి. మ్యాప్ మీద తుపాను దారిని గరాటులా గీసి చూపిస్తారు కదా, దాన్ని చాలామంది తప్పుగా చదువుతారు. అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం గీసే గరాటునే తీసుకుంటే, తుపాను కేంద్రం అందులో ఉండేది మూడింట రెండుసార్లే. పైగా అది చూపేది కేంద్రం వెళ్లే దారినే, గాలీ వానా పడే వెడల్పుని కాదు. మీ ఊరు గీత బయట ఉందని ధైర్యపడకండి. తుపాను కొన్ని గంటలు ముందే రావచ్చు కూడా. అందుకే బుధవారంలోనూ ఉదయం విమానమే చూడండి. ఉరుములు, మెరుపుల వానలు ఎండ ఎక్కాక మధ్యాహ్నం మీద బలపడతాయి, పైగా ఉదయపు మొదటి విమానం చాలావరకు ముందు రాత్రే వచ్చి ఆగి ఉంటుంది. సమస్య పొగమంచు అయితే మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకం. అప్పుడు తెల్లవారుజాము విమానం వదిలేసి, ఎండ వచ్చాక ఉన్నది తీసుకోవాలి.

డబ్బు కట్టే ముందు ఒకటి చూడండి. పెద్ద తుపాను వస్తోందంటే చాలా ఎయిర్‌లైన్స్ కొన్ని రోజుల ముందే ‘ట్రావెల్ వేవర్’ ప్రకటిస్తాయి. అంటే ఫలానా ఊళ్ల మీదుగా, ఫలానా తేదీల్లో ప్రయాణించేవాళ్లు మార్పు ఛార్జీ లేకుండా, చాలాసార్లు ధరలో తేడా కూడా కట్టకుండా తేదీ మార్చుకోవచ్చు. అది ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో ‘ట్రావెల్ అలర్ట్స్’ లాంటి పేజీలో ఉంటుంది. మీరు కొన్న వెబ్‌సైట్‌లో కనపడకపోవచ్చు. షరతులు జాగ్రత్తగా చదవండి. మామూలుగా అదే క్లాసు, అవే ఊళ్లు, ఒక గడువు తేదీలోపు ప్రయాణం అంటారు. టికెట్ ఫలానా రోజుకు ముందే కొని ఉండాలని కూడా ఉంటుంది. తేదీని తర్వాతి రోజులకు జరపడమేనా, ముందు రోజులకు కూడా జరపొచ్చా అన్నది మీకు ముఖ్యం. మీకు కావాల్సింది బుధవారం కదా.

మీవి రెండు వేర్వేరు టికెట్లు. నన్ను కలవరపెట్టింది ఇదే. మొదటి విమానం రద్దై, రెండోది ఎగిరిపోతే, రెండో ఎయిర్‌లైన్ దృష్టిలో మీరు రాని ప్రయాణికులు. వాళ్లు రిఫండ్ ఇవ్వనవసరం లేదు. ఒకే టికెట్ మీద ఉంటే మిమ్మల్ని చివరి ఊరికి చేర్చడం ఎయిర్‌లైన్ పని అయ్యేది. కాబట్టి ఫోన్ చేసే ముందు రెండు విమానాల్లోనూ బుధవారం సీట్లు ఉన్నాయో లేదో చూసుకోండి. దేంట్లో తక్కువ సీట్లు ఉంటే దాన్ని ముందు మార్చండి, వెంటనే రెండోది. ఇంకో సంగతి: నలుగురూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండి ఉంటారు. ఆన్‌లైన్‌లో తేదీ మారిస్తే నలుగురిదీ మారిపోవచ్చు. ‘ముందు పీఎన్ఆర్‌ని రెండుగా విడదీయండి, ఆ తర్వాత వీళ్లిద్దరిదే మార్చండి’ అని అడగండి. ఏజెంటు ద్వారా కొన్న టికెట్‌ని ఎయిర్‌లైన్ ముట్టుకోనంటే ఏజెంటునే పట్టుకోవాలి. ఆ ఫోన్ లైన్లు తుపాను దగ్గరపడేకొద్దీ కలవవు. అందుకే రేపు ఉదయమే మొదలుపెట్టండి. అలాగే తుపాను ఊరు తగలకుండా వేరే దారిలో, ఒకే టికెట్ మీద మీ ఇద్దరికీ ఎంత అవుతుందో కూడా చూడండి. తేడా కొద్దిదే అయితే నేను దానికే మొగ్గుతాను.

వేవర్ కోసం ఎంతవరకు ఎదురుచూడాలి? రేపు సాయంత్రం దాకా. అప్పటికీ రాకపోతే అమ్మాయికీ మీకూ డబ్బు కట్టి మార్చేయండి. వేవర్ రాగానే అందరూ అదే బుధవారం మీద పడతారు. మీరు కట్టాక వేవర్ వస్తే తేడా వెనక్కి ఇవ్వమని అడగండి. ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు.

ఇన్సూరెన్స్ సంగతి. ఈ తుపాను కోసం ఇప్పుడు కొత్తగా పాలసీ కొనకండి. తుపాను గురించి ప్రకటన వచ్చాక, ముఖ్యంగా దానికి పేరు పెట్టాక, అది ‘ముందే తెలిసిన సంఘటన’ కిందికి వస్తుంది. ఆ తర్వాత కొన్న పాలసీ దాని వల్ల కలిగే నష్టానికి మామూలుగా చెల్లించదు. ఏ కారణానికైనా రద్దు చేసుకోవచ్చనే పాలసీలు కొన్ని దేశాల్లో ఉన్నాయి, కానీ సాధారణంగా అవి ప్రయాణానికి మొదటిసారి డబ్బు కట్టిన రెండు మూడు వారాల్లోపే తీసుకోవాలి, ఇచ్చేది కూడా 50 నుంచి 75 శాతమే. దానికి బదులు, టికెట్లు కొన్న క్రెడిట్ కార్డుకి ప్రయాణ ఆలస్యం బీమా ఏమైనా ఉందేమో కార్డు పత్రాల్లో చూడండి. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు.

ఇక ఫీజు డబ్బు. దాన్ని ముట్టుకోవద్దు. దానికి కట్టాల్సిన తేదీ ఉంది, రిఫండ్‌కి మీ చేతిలో తేదీ లేదు. ఏజెంటు మధ్యలో ఉంటే ఇంకా ఆలస్యం. ఇలాంటప్పటికే కదా అత్యవసర నిధి పెట్టుకునేది, ఇద్దరి తేడా అందులోంచి కట్టండి. కార్డు మీద వేయాల్సి వస్తే, వచ్చే బిల్లు మొత్తం మీ జీతంలోంచే కట్టగలిగితేనే వేయండి, రిఫండ్ వస్తుందన్న భరోసాతో కాదు. గది కూడా ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి.

శుక్రవారం మీవారికి విమానం రద్దయినట్టు మెసేజ్ వస్తే, ‘వోచర్ తీసుకోండి’ అన్న లింకు నొక్కే ముందు కింద రిఫండ్ అన్న మాట ఉందేమో వెతకమనండి. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, వెంటనే రెండో ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేయమనండి. విమానం టైముకే ఉందని కనిపించి బయలుదేరితే, మీ మామగారి మందులు నాలుగు రోజులకు సరిపడా చేతి సంచిలోనే పెట్టండి. ఆ రాత్రి మా అమ్మ బీపీ మాత్రలు చెక్-ఇన్ చేసిన పెట్టెలో ఉండిపోయాయి. పెట్టె చేతికి వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నం అయింది.